లివర్, కిడ్నీ ‘క్లీన్’ జ్యూస్ మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి

పరగడుపున పాలకూర, బీట్‌రూట్ జ్యూస్ తాగితే లివర్, కిడ్నీలు శుభ్రమైపోతాయని వాట్సాప్‌లో వచ్చిందా? ముందు కిడ్నీల కోసం క్రియాటినిన్, పొటాషియం, లివర్ కోసం ఎస్‌జీపీటీ రక్తపరీక్షలు చేయించుకోండి, షుగర్, బీపీ ఉన్నవాళ్లైతే తప్పకుండా, ఎందుకంటే కిడ్నీ బాగా దెబ్బతినేదాకా చాలామందికి ఏ బాధా తెలియదు.

పాలకూర, బీట్‌రూట్‌లో ఆక్సలేట్లు, అంటే కిడ్నీలో రాళ్లు కట్టే పదార్థాలు ఎక్కువ. పప్పులోనో కూరలోనో తినడం వేరు, రోజూ పచ్చిగా గ్లాసుల కొద్దీ తాగడం వేరు. దాంతో రాళ్లు రావచ్చు, అప్పటికే బలహీనంగా ఉన్న కిడ్నీ పూర్తిగా దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి.

కిడ్నీ జబ్బు ఉందని తెలిస్తే కొబ్బరినీళ్లు, బత్తాయి రసం డాక్టర్‌ని అడిగాకే తాగండి, పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో చాలావరకు కలిపేది పొటాషియమే, ప్యాకెట్ వెనక చదవండి. కిడ్నీ జబ్బు ఉంటే స్టార్ ఫ్రూట్ అసలు ముట్టుకోవద్దు.

తిప్పతీగ కషాయం గురించి గట్టిగానే చెప్తాను. కోవిడ్ రోజుల్లో అది తాగి లివర్ దెబ్బతిన్నవాళ్ల గురించి ముంబై డాక్టర్లు 2021లో రాశారు. చెట్టుమందే కదా, ఏమవుతుందిలే అనుకోకండి.

ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదు, ఆవకాయ, అప్పడాలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. మామూలుగా మూత్రం లేత పసుపులో ఉండేలా నీళ్లు తాగితే చాలు, కాళ్ల వాపులుంటే మాత్రం ఎన్ని తాగాలో డాక్టరే చెప్పాలి.

జ్యూస్ గానీ కషాయం గానీ మొదలుపెట్టాక కళ్లు పచ్చబడినా, మూత్రం తగ్గినా అక్కడే ఆపేసి, పొడి ఏదైనా కలిపి తాగితే ఆ డబ్బా కూడా పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.