ఫొటోగ్రఫీ పుస్తకాలను ఎలా ఎంచుకోవాలి, ఎలా చదవాలి?

ఫొటోగ్రఫీ మీద ఇష్టం కలిగాక చాలామంది వరసపెట్టి పుస్తకాలు కొంటారు. మెళకువలు నేర్పే గైడ్లు మొదటి రెండు అధ్యాయాల దగ్గరే ఆగిపోతాయి. పెద్ద సైజు ప్రకృతి దృశ్యాల సంకలనాలను ఒక సాయంత్రం తిరగేసి, "అబ్బ, ఎంత బాగున్నాయో" అనుకుని అల్మరాలో పెట్టేస్తారు. అలా చేస్తే ఆ పుస్తకాల్లో ఉన్న అసలు సరుకు చేతికి రాదు. నన్నడిగితే మొదలుపెట్టడానికి రెండే రెండు పుస్తకాలు చాలు: ఒక మంచి గైడ్, ఒకే ఫొటోగ్రాఫర్ తీసిన దృశ్యాల సంకలనం ఒకటి. వాటిని ఎలా పట్టుకోవాలో, పట్టుకున్నాక ఏం చేయాలో చూద్దాం.

1. ముందు మీ ఫొటోలు మీరే చూసుకోండి

ఈమధ్య తీసిన ఫొటోల్లోంచి ఓ యాభై తీసి పెద్ద స్క్రీన్ మీద చూడండి. నచ్చనివాటి దగ్గర ఆగి, ఎందుకు నచ్చలేదో ఒక్క ముక్కలో రాసుకోండి. చెయ్యి వణికింది, ఫోకస్ తప్పింది, ఆకాశం తెల్లగా పాలిపోయింది, ఫ్రేమ్ నిండా అక్కర్లేనివే ఉన్నాయి, వెలుతురు చప్పగా ఉంది, ఇలాగ. ఏ కారణం ఎక్కువసార్లు కనబడితే ఆ విషయం నేర్పే పుస్తకమే మీకు ముందు కావాలి. మొదటి మూడు కారణాలే ఎక్కువగా ఉంటే ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి ఎంత వెలుతురు రానివ్వాలన్నది), ఫోకస్ గురించి వివరంగా చెప్పే గైడ్ తీసుకోండి. మిగతావి ఎక్కువైతే కంపోజిషన్ (ఫ్రేమ్‌లో దేన్ని ఎక్కడ ఉంచాలన్నది), వెలుతురు గురించి రాసినది వెతకండి.

ఒకే కెమెరా మోడల్ కోసం రాసిన గైడ్ల జోలికి పోవద్దు. ఏ బటన్ ఏం చేస్తుందో ఆ కెమెరా మాన్యువల్‌లోనే ఉంటుంది.

2. గైడ్‌ను మధ్యలో తెరిచి పరీక్షించండి

వెనక అట్ట మీద రాసిన పొగడ్తలు చూసి కొనకండి. మధ్యలో ఏదో ఒక పేజీ తెరవండి. ఫొటో కింద అపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకుందో), షట్టర్ స్పీడ్ (ఎంతసేపు తెరిచి ఉందో), ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో) అంకెలు మాత్రమే ఇచ్చి ఊరుకుంటే దానివల్ల మీకు ఒరిగేది తక్కువ. ఆ రోజు అక్కడ ఉన్న వెలుతురు మీకు దొరకదు, అందుకని ఆ అంకెలు మీకు పనికిరావు. ఆ అపర్చరే ఎందుకు ఎంచుకున్నారో రాశారా? అదే దృశ్యాన్ని రెండు మూడు రకాలుగా తీసి పక్కపక్కన చూపించారా? సరిగ్గా రాని ఫొటో కూడా వేసి, ఎక్కడ తేడా కొట్టిందో చెప్పారా? ఇవన్నీ ఉన్న పుస్తకాన్ని ధైర్యంగా తీసుకోవచ్చు.

ఎప్పుడు అచ్చయిందో చూడండి గానీ, పాతదని పక్కన పెట్టేయకండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మెనూల మీద రాసిన అధ్యాయాలు కొద్ది ఏళ్లకే పనికిరాకుండా పోతాయి. వెలుతురు గురించి రాసినది అలా కాదు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ కెమెరా, నెగటివ్, ప్రింట్ ఈ మూడింటి మీద మూడు పుస్తకాలు రాశారు. అవి 1980, 1981, 1983లో వచ్చాయి. మూడూ ఫిల్మునూ, దాన్ని కడిగి ప్రింట్లు వేసే చీకటి గదినీ (డార్క్‌రూమ్) వాడిన కాలానివే. అయినా ఆయన 1940 ప్రాంతంలో ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి రూపొందించిన జోన్ సిస్టమ్ అర్థమైతే ఇవాళ్టి డిజిటల్ కెమెరా కూడా మీ మాట వింటుంది.

అందులో ఉన్న విషయం ఇది. కటిక నలుపు నుంచి తెల్లకాగితం తెలుపు దాకా ఉన్న ఛాయల్ని 0 నుంచి 10 వరకు మెట్లుగా విడదీస్తారు. మధ్యలో ఉండే 5వ మెట్టు మామూలు బూడిదరంగు. కెమెరాలో వెలుతురును కొలిచే మీటర్ దేన్ని కొలిచినా, దాన్ని ఆ మధ్య మెట్టుకే తేవాలని చూస్తుంది. అందుకే మంచు నిండిన దృశ్యం తరచూ మురికిపట్టినట్టు వస్తుంది. నల్లరాయిని ఫ్రేమ్ నిండా పెట్టి తీస్తే వెలిసిపోయినట్టు వస్తుంది. మంచుకైతే ఎక్స్‌పోజర్‌ను ఒకటి నుంచి రెండు స్టాపుల దాకా (ఒక స్టాపు పెంచితే వెలుతురు రెట్టింపు, తగ్గిస్తే సగం) పెంచాలి, నల్లరాయికైతే తగ్గించాలి. ఇంత చిన్న విషయమే, కానీ ఇది తెలిశాక మీటర్ చూపించిన అంకెకు కళ్లుమూసుకుని ఒప్పుకోవడం మానేస్తారు.

3. కెమెరా చేతిలో పెట్టుకుని చదవండి

గైడ్‌ను నవలలా ఏకబిగిన చదివితే ఏమీ మిగలదు. ఒక అధ్యాయం చదవండి, పుస్తకం మూసి బయటికి వెళ్లి అదే చేసి చూడండి, మర్నాడు మళ్లీ అదే అధ్యాయం తెరవండి. రెండోసారి చదివేటప్పుడు అర్థమయ్యే వాక్యాలు వేరుగా ఉంటాయి.

అపర్చర్ అధ్యాయానికి ఇలా చేయొచ్చు. ట్రైపాడ్ వేసి, రెండు మీటర్ల దూరంలో ఒక వస్తువు పెట్టి, వెనక దూరంగా చెట్లు ఉండేలా చూసుకోండి. ఫోకస్ కదపకుండా ఎఫ్ 2.8, ఎఫ్ 8, ఎఫ్ 16 దగ్గర ఒక్కో ఫొటో తీయండి. మీ లెన్స్ అంత తెరుచుకోకపోతే దానికున్న పెద్ద అపర్చర్‌తో, అంటే అతి చిన్న ఎఫ్ అంకెతో మొదలుపెట్టండి. మూడింటినీ పక్కపక్కన పెట్టి చెట్ల ఆకుల్ని గమనించండి. షట్టర్ స్పీడ్‌కైతే పారే నీళ్లు ఉత్తమం. సెకనులో 500వ వంతు దగ్గర నీటి చుక్కలు గాలిలో ఆగిపోతాయి, అర సెకను దగ్గర నీరంతా తెల్లటి పరదాలా మారుతుంది.

ల్యాండ్‌స్కేప్ (ప్రకృతి దృశ్యాల) గైడ్లలో తరచూ హైపర్‌ఫోకల్ దూరం అన్న మాట వస్తుంది. దగ్గరివి, దూరపువి రెండూ స్పష్టంగా రావడానికి ఫోకస్ పెట్టాల్సిన దూరమే అది. చదివేటప్పుడు బుర్రకెక్కదు, చేసి చూస్తే సులువే. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (పాత 35 మిల్లీమీటర్ల ఫిల్ము ఫ్రేమంత సెన్సర్ ఉన్నది) మీద 24 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎఫ్ 11 దగ్గర పెట్టి, సుమారు 1.8 మీటర్ల దూరంలో ఫోకస్ చేయండి. కాళ్ల ముందు మీటరు దూరంలో ఉన్న రాయి నుంచి అటు చివర కొండ దాకా అన్నీ చాలినంత స్పష్టంగా వస్తాయి. ఫోకస్ కొండ మీద పెట్టి ఇంకోటి తీసి చూడండి. ముందున్న రాయి మసకబడిపోతుంది. ఆ తేడా ఒక్కసారి కళ్లారా చూశాక ఫార్ములా గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం ఉండదు.

4. సంకలనమైతే ఒక్కరిదే తీసుకోండి

"ప్రపంచంలో తప్పక చూడాల్సిన వంద ప్రదేశాలు" తరహా పుస్తకాలు చూడ్డానికి బాగుంటాయి. వాటిలో పేజీకో ఫొటోగ్రాఫర్, పేజీకో పద్ధతి. ఏ ఒక్కరి చూపూ మనకు పట్టుబడదు. ఒక మనిషి ఏళ్ల తరబడి తీసినవన్నీ ఒకచోట ఉంటే ఆయన దేనికి ఆగాడో, దేన్ని వదిలేశాడో మెల్లగా తెలుస్తుంది.

ఎవరి పుస్తకం ఎంచుకోవాలో తేల్చుకోవడానికి ఒకదానికొకటి ఏ మాత్రం పోలికలేని కొన్నింటిని లైబ్రరీలో ముందేసుకుని చూడండి. ఆన్సెల్ ఆడమ్స్ నలుపు తెలుపుల్లో మహా పర్వతాలు, విశాలమైన ఆకాశాలు. ఎలియట్ పోర్టర్ అందుకు పూర్తి భిన్నం. 1962లో ప్రకృతి పరిరక్షణ సంస్థ సియెరా క్లబ్ ప్రచురించిన ఆయన రంగుల సంకలనంలో అమెరికన్ రచయిత థోరో వాక్యాల పక్కన రాలిన ఆకులు, చిన్న వాగులు, చెట్ల బెరళ్లు కనిపిస్తాయి. చాలా ఫొటోల్లో అసలు ఆకాశమే ఉండదు. మైకేల్ కెన్నా రాత్రిళ్లు, ఒక్కోసారి గంటల తరబడి షట్టర్ తెరిచి ఉంచి తీసిన చదరపు ఫొటోల్లో నాలుగు గీతలు, బోలెడంత ఖాళీ. 1970లలో రాబర్ట్ ఆడమ్స్ అమెరికా పశ్చిమ ప్రాంతంలో కొత్తగా వెలిసిన ఇళ్ల వరసల్ని, రోడ్లని తీశారు. అవీ ల్యాండ్‌స్కేప్ ఫొటోలే. ఇలా చూస్తూ పోతుంటే ఏదో ఒక పుస్తకం దగ్గర మీ చెయ్యి ఆగుతుంది. అది గొప్పదని ఎవరైనా అన్నారా లేదా అన్నది పట్టించుకోకుండా దాన్నే కొనుక్కోండి.

5. నిదానంగా చూడండి

అన్నింటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, చాలామంది దాటేసేదీ ఇదే.

మొదటిసారి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, ఒక్క అక్షరం కూడా చదవకుండా చూడండి. ఫొటో కింద ఊరి పేరు చదివామంటే కన్ను ఫొటోని వదిలేసి ఆ పేరు వెంట పోతుంది. రెండోసారి చూసేటప్పుడు ఒకటో రెండో ఫొటోల దగ్గర మాత్రమే ఆగండి. పది నిమిషాలు ఒకే పేజీ మీద ఉండటం మొదట్లో కష్టమే. కొన్ని ప్రశ్నలు వేసుకుంటే ఆ కష్టం తగ్గుతుంది. నీడలు ఎటు పడ్డాయి, అంటే సూర్యుడు ఎక్కడున్నాడు? కెమెరా ఎంత ఎత్తులో ఉంది, మనిషి కంటి ఎత్తులోనా, నేలకు దగ్గరగానా? దిగంత రేఖను పైకి ఎందుకు నెట్టారు, లేదా కిందికి ఎందుకు దించారు? ఒక్క అడుగు ఎడమకి జరిగి ఉంటే ఏ చెట్టు ఏ కొండకి అడ్డు వచ్చేది?

తెల్ల కాగితాన్ని ఎల్ ఆకారంలో రెండు ముక్కలుగా కత్తిరించి పేజీ మీద పెట్టి, ఫొటో అంచుల్ని కొంచెం కొంచెం లోపలికి జరపండి. మంచి ఫొటోలో ఏ పక్క నుంచి ఎంత తీసేసినా ఏదో లోటు తెలిసిపోతుంది. ఆ అంచు ఎందుకంత అవసరమో కనిపెట్టడమే ఇక్కడ చదువు. ఇంకో పద్ధతి, పుస్తకాన్ని తలకిందులుగా తిప్పడం. కొండ, చెట్టు, నది అన్న గుర్తులు పోయి వెలుగు మచ్చలు, చీకటి మచ్చలు మాత్రమే మిగులుతాయి. వాటిని పెన్సిలుతో అరచేయంత కాగితం మీద మచ్చలుగా గీసుకోండి. బొమ్మ వేయడం రానక్కర్లేదు.

ఆ తర్వాత రాతలు చదవండి. ఫొటో ఎలా పుట్టిందో ఫొటోగ్రాఫరే చెప్పిన పుస్తకం దొరికితే వదలకండి. ఆన్సెల్ ఆడమ్స్ తన 40 ఫొటోల వెనక కథల్ని 1983లో ఒక పుస్తకంగా తెచ్చారు. న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అనే ఊరి మీద చంద్రుడు పైకి వస్తున్న ప్రసిద్ధమైన ఫొటో అందులో ఉంది. 1941లో కారులో వెళ్తూ ఆ దృశ్యం చూసి దిగేసరికి ఆయనకు లైట్ మీటర్ దొరకలేదు. సమాధుల మీది శిలువలపై ఎండ తరిగిపోతోంది. చంద్రుడి కాంతి తీవ్రత ఎంతో ఆయనకు గుర్తుంది కాబట్టి, దాన్ని 7వ మెట్టు మీద ఉంచి ఎక్స్‌పోజర్ లెక్కగట్టి ఒక ఫొటో తీశారు. రెండోది తీద్దామనేలోపు ఎండ పోయింది. పైన చెప్పుకున్న మెట్ల లెక్క ఎందుకు నేర్చుకోవాలో ఇంతకన్నా బాగా చెప్పే గైడ్ లేదు. అదే నెగటివ్ నుంచి ఆయన దశాబ్దాల పాటు ప్రింట్లు వేశారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆకాశాన్ని ఇంకా ఇంకా నల్లగా చేస్తూ పోయారు. మీ పాత ఫొటోని మళ్లీ కొత్తగా ఎడిట్ చేయాలనిపిస్తే సందేహించకండి.

6. పేజీల వరసను గమనించండి

సంకలనంలో ఏ ఫొటో పక్కన ఏది ఉందన్నది ఊరికే జరిగేది కాదు. ఫొటోగ్రాఫర్ రాబర్ట్ ఫ్రాంక్ 1950లలో అమెరికా అంతా తిరిగి దాదాపు 27 వేల ఫొటోలు తీశారు. 1958లో పారిస్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఉన్నవి 83. అది మనుషుల గురించిన పుస్తకమే అయినా, ఏరుకోవడం ఎంత కఠినంగా ఉండాలో ల్యాండ్‌స్కేప్ తీసేవాళ్లకూ నేర్పుతుంది. మీ దగ్గరున్న పుస్తకంలో ఎదురెదురు పేజీల ఫొటోలను జతగా చూడండి. ఒకదానిలోని గీత ఇంకోదానిలోకి సాగుతుందా, రంగు మారిందా, ఖాళీ పేజీ ఎక్కడ వదిలారు?

ఇది చూడటంతో ఆపకండి. మీ ఫొటోల్లో పన్నెండింటిని చిన్న సైజులో ప్రింట్ తీయించి నేల మీద పరిచి వరస మార్చి మార్చి చూడండి. విడిగా చూస్తే అదిరిపోయిన ఫొటో వరసలో ఇమడకపోవచ్చు. దాన్ని తీసేయడానికి మనసొప్పదు, అయినా తీసేయండి.

7. అచ్చు నాణ్యత చూసి కొనండి

1840లలో ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకరైన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ తన పుస్తకంలో 24 అసలు ఫొటో ప్రింట్లనే అతికించి అమ్మారు. ఇప్పుడు మనకు అందేది సిరా అచ్చు కాబట్టి ఆ సిరా ఎలా ఉందో చూసుకోవాలి. పగటి వెలుతురులో తెరవండి. నలుపు ఉన్నచోట లోపల వివరం కనిపిస్తుందా, అంతా ఒకే ముద్దలా ఉందా? నలుపు తెలుపు పుస్తకమైతే ఒక్క నల్ల సిరాతో కాక రెండు మూడు సిరాలతో అచ్చువేసినది తీసుకోండి, ఛాయలు నిండుగా వస్తాయి. రెండు పేజీల మీదుగా పరిచిన ఫొటోలు మధ్య కుట్టులోకి మునిగిపోతున్నాయేమో చూడండి. సైజు పెద్దదైనంత మాత్రాన అచ్చు మంచిదని కాదు.

గైడ్లను ట్యాబ్‌లో ఈ-బుక్‌గా చదివినా నష్టం లేదు, సంకలనం మాత్రం కాగితం మీదే చూడాలి. మొదటి ముద్రణే కావాలన్న పట్టుదల సేకరించేవాళ్లకు వదిలేయండి. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్తియే-బ్రెసాన్ 1952 నాటి ప్రఖ్యాత పుస్తకం చాలాకాలం దొరకలేదు, 2014లో మళ్లీ అచ్చయింది. చూసి నేర్చుకోవడానికి అలాంటి పునర్ముద్రణ చాలు. పాత పుస్తకం కొంటుంటే ఒకసారి వాసన చూడండి. ముక్కవాసన వస్తే తేమ పట్టిందని అర్థం, మిగతా పుస్తకాలకూ బూజు అంటుకునే ప్రమాదం ఉంది.

ఇంటికి తెచ్చాక పెద్ద పుస్తకాలను నిలబెట్టకుండా పడుకోబెట్టి, ఎండ తగలని పొడి చోట ఉంచండి. చేతులు కడిగి, బాగా తుడుచుకున్నాకే ముట్టుకోండి.

8. తర్వాతి పుస్తకం ఎప్పుడు?

మీ సంకలనంలో నచ్చిన ఒక ఫొటో తీసుకుని, అందులోని ఒక నిర్ణయాన్ని మాత్రం మీ ఫొటోలో పెట్టి చూడండి. ఆకాశాన్ని పూర్తిగా వదిలేయడం కావచ్చు, కెమెరాను నేలకు ఆనించడం కావచ్చు, పక్క వెలుతురు కోసం సాయంత్రం దాకా ఆగడం కావచ్చు. ప్రదేశం అదే ఉండనక్కర్లేదు. ఇలా కొన్ని నెలలు చేశాక మళ్లీ యాభై ఫొటోలు ముందు పెట్టుకుని మొదటి మెట్టులో రాసినట్టే కారణాలు రాయండి. పాత కారణాలు చాలావరకు పోయి కొత్తవి కనిపిస్తే, ఆ కొత్తవాటి గురించి చెప్పే పుస్తకం కోసం లైబ్రరీకి వెళ్లండి. పాతవే మళ్లీ కనిపిస్తే ఉన్న గైడ్‌లోనే ఆ అధ్యాయం ఇంకోసారి తెరవండి.