జీతం, పని, నిద్ర: కష్టాల్లో ఉన్న కంపెనీలో ఉద్యోగికి సమస్య - పరిష్కారం

కంపెనీ పరిస్థితి దిగజారుతుంటే ఉద్యోగికి మూడు వైపుల నుంచి దెబ్బ తగులుతుంది. జీతం ఆగుతుంది, పని గందరగోళమవుతుంది, నిద్ర పోతుంది. మూడూ కలిసి ఒకే భయంలా మీద పడతాయి కాబట్టే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. విడదీసి చూస్తే దేని కారణం దానిది, దేని మందు దానిది. ముందు జీతం సంగతి, కాగితాల సంగతి చూసుకోండి. అవి ఒక దారిన పడితే మిగతావాటికి కాస్త తెరిపి దొరుకుతుంది.

రోజుకో పుకారు, పని మీద మనసు నిలవడం లేదు

పై నుంచి కబురు ఆగిపోవడమే దీనికి కారణం. మీ మేనేజర్ అన్నీ దాస్తున్నారనుకోవడం చాలాసార్లు పొరపాటు. వాళ్లకూ తెలియదు, లేదా తెలిసినా బయటపెట్టకూడదన్న షరతు ఉంటుంది. ఆ ఖాళీని ఎవరికి తోచిన మాటతో వాళ్లు నింపుతారు.

ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. వచ్చిన ప్రతి సంగతినీ తేదీ వేసి, పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి: కళ్లారా చూసింది, బాధ్యత ఉన్నవాళ్లు చెప్పింది, ఎవరో అంటే విన్నది. మొదటి రెండింటిని బట్టే నిర్ణయాలు తీసుకోండి. మూడోది రాసి వదిలేయండి.

సంకేతాలన్నీ ఒకే బరువువి కావు. కొత్త నియామకాలు ఆపడం, ప్రయాణాలు తగ్గించడం, శిక్షణ కార్యక్రమాలు రద్దు చేయడం జాగ్రత్తపరులైన కంపెనీలూ చేస్తాయి. జీతం ఆలస్యం కావడం, జేబులోంచి పెట్టిన ఖర్చులు నెలల తరబడి తిరిగి రాకపోవడం, సప్లయర్లు డబ్బు ముందిస్తేనే సరుకు పంపుతామనడం, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు గడువు తీరి ఆగిపోవడం, బీమా ప్రీమియం కట్టకపోవడం, ఆడిటరో ఫైనాన్స్ హెడ్డో ఏడాది మధ్యలో తప్పుకోవడం మాత్రం బరువైనవి. ఇలాంటివి రెండు మూడు నెలల్లో రెండు కనిపిస్తే ఇక పుకార్లు వినాల్సిన అవసరమే లేదు.

కంపెనీ లెక్కలు బయట దొరికితే ఒక చిన్న భాగహారం చేయండి. చేతిలో నగదు 60 లక్షలు, నెల ఖర్చు 20 లక్షలు, నెల రాబడి 12 లక్షలు అనుకుందాం. నెలకు తరుగు 8 లక్షలు. 60ని 8తో భాగిస్తే ఏడున్నర నెలలు. నిజానికి అంత కాలం నిలవదు. కంపెనీ నీరసించిందని తెలియగానే కస్టమర్లు బిల్లులు ఆపుతారు, సప్లయర్లు అరువు ఆపుతారు, మనుషులను తీసేయడానికీ డబ్బే కావాలి. ఏడున్నరను ఐదుగా లెక్కేసుకోవడం క్షేమం.

జీతం ఆలస్యంగా వస్తోంది, లేదా సగమే వస్తోంది

కారణాలు సాధారణంగా మూడు. ఒక పెద్ద కస్టమర్ దగ్గర డబ్బు ఇరుక్కుని ఉండవచ్చు, ఇది తాత్కాలికం. బ్యాంకు అప్పు పరిమితి తగ్గించి ఉండవచ్చు, ఇది అంత తేలిగ్గా తీరదు. లేదా ఉన్న డబ్బును జీతాలకంటే ముందు వేరేవాళ్లకు ఇవ్వాలని యాజమాన్యం నిర్ణయించుకుని ఉండవచ్చు. మూడోది అన్నిటికన్నా చెడ్డది. తేడా పట్టుకోవడానికి రెండు ప్రశ్నలు చాలు. ఫలానా తేదీకి ఇస్తామని రాతపూర్వకంగా చెప్పారా? ఆ తేదీ నిలబెట్టుకున్నారా? చెప్పి, ఇచ్చినవాళ్లకు ఒకసారి ఓపిక పట్టవచ్చు. తేదీ చెప్పనివాళ్లకు, చెప్పిన తేదీని రెండోసారి జరిపినవాళ్లకు అదే ఓపిక పడితే నష్టం మీదే.

జీతం రావాల్సిన రోజు దాటిన మర్నాడే మెయిల్ పెట్టండి. గొడవ వద్దు, రికార్డు కావాలి:

"మార్చి నెల జీతం 31వ తేదీన రావాల్సి ఉంది. ఈ రోజు వరకు నా ఖాతాలో జమ కాలేదు. ఏ తేదీన జమ చేస్తారో దయచేసి తెలియజేయండి."

ఇంతే. జవాబు నోటిమాటగా వస్తే, "మీరు 10వ తేదీ అని చెప్పారు, గుర్తు కోసం రాస్తున్నాను" అని ఇంకో మెయిల్ పెట్టండి.

పే స్లిప్ చేతికొస్తే డబ్బు వచ్చినట్టు కాదు. ప్రతి నెలా పే స్లిప్‌లోని నికర మొత్తాన్ని బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూడండి. అంతకంటే ముఖ్యం, జీతంలోంచి కోసిన పన్ను, పింఛను నిధి చందా, బీమా సొమ్ము అసలు చోటికి చేరాయా అన్నది. నగదు కటకటలో మొదట ఎగ్గొట్టేవి చాలాసార్లు ఇవే, ఎందుకంటే ఉద్యోగి వెంటనే గమనించడు. మీ పేరున ఉన్న పన్ను ఖాతా, నిధి ఖాతా స్వయంగా తెరిచి చూసుకోండి. బీమా చెల్లుబాటులో ఉందో లేదో బీమా సంస్థకే ఫోన్ చేసి అడగండి. ఆసుపత్రి మెట్లెక్కాక తెలిస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఈ దశలో చాలామంది చేసే పెద్ద పొరపాటు, కంపెనీ ఖర్చును సొంత కార్డు మీద పెట్టడం. హోటల్ బిల్లు, సర్వర్ అద్దె, సామాన్లు, "వచ్చే నెల ఇచ్చేస్తాం" అంటారు. కంపెనీ మూతపడితే అది జీతం బకాయి కింద రాకపోవచ్చు. మామూలు అప్పులవాళ్ల వరసలో చివర నిలబడాలి, కార్డు వడ్డీ మాత్రం మీకే పడుతుంది. అడ్వాన్స్ ఇస్తేనే కొంటానని మర్యాదగా చెప్పండి. అలాగే కంపెనీకి చేబదులు ఇవ్వవద్దు. జీతానికి బదులు షేర్లు ఇస్తామంటే, "బకాయిలన్నీ తీరాయి" అని రాసిన కాగితం ముందు పెడితే, ఆ రోజే సంతకం చేయవద్దు.

ఎంతకాలం ఎదురుచూడాలి? ముందే ఒక హద్దు గీసుకోండి. ఒక జీతం ఆలస్యమైతే గట్టిగా ఉద్యోగం వెతకడం మొదలుపెట్టాలి, రెండోది ఆగితే బయటపడే తేదీ నిర్ణయించుకోవాలి. దీనికి చట్టపరమైన కారణం కూడా ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1949లో చేసిన 95వ ఒప్పందంలోని 11వ అధికరణం, సంస్థ దివాలా తీస్తే జీతం రావాల్సిన కార్మికులను ప్రాధాన్యం గల రుణదాతలుగా చూడాలంటుంది. 1992 నాటి 173వ ఒప్పందం ఆ ప్రాధాన్యం దివాలాకు గానీ ఉద్యోగం ముగియడానికి గానీ ముందున్న కనీసం 3 నెలల జీతానికి వర్తించాలంటుంది. అన్ని దేశాలూ వీటిని ఆమోదించలేదు, ఎక్కడి చట్టం అక్కడ చూసుకోవాలి. కానీ ఆ ప్రాధాన్యానికి ఒక హద్దు ఉంటుందన్నది గుర్తుంచుకోండి. ఏడెనిమిది నెలల బకాయి పేరబెట్టుకుని కూర్చుంటే పాత నెలల జీతం ఆ హద్దు దాటిపోవచ్చు, దావా వేసే గడువూ దాటిపోవచ్చు.

లాగిన్ ఎప్పుడు ఆగిపోతుందో తెలియడం లేదు

ఉద్యోగం తీసేసే మీటింగ్ మొదలయ్యేసరికే చాలా చోట్ల లాగిన్ కట్ అయిపోతుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. ఈ వారమే చేయండి.

- నియామక పత్రం, జీతం పెంచిన లేఖలు, అన్ని పే స్లిప్‌లు, పన్ను పత్రాలు సొంత చోట దాచుకోండి.
- మిగిలిన సెలవుల లెక్క, రావాల్సిన ఖర్చుల బిల్లులు తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీయండి.
- బ్యాంకు, బీమా, నిధి ఖాతాలకు ఆఫీసు మెయిల్ గానీ ఆఫీసు సిమ్ గానీ ఇచ్చి ఉంటే మార్చేయండి. ఉద్యోగం పోయిన రోజున ఓటీపీ ఆ సిమ్‌కే వెళ్తే మీ డబ్బు మీకే అందదు.
- ఆఫీసు లాప్‌టాప్‌లోని కుటుంబం ఫోటోలు, సొంత ఫైళ్లు తీసేసుకోండి.

కస్టమర్ల జాబితా, సోర్స్ కోడ్, ధరల పట్టికలు మాత్రం ముట్టుకోవద్దు. మీకు రావాల్సిన డబ్బు ఆపడానికి వాళ్ల చేతికి అంతకంటే మంచి సాకు దొరకదు.

సగం మంది వెళ్లిపోయారు, వాళ్ల పనీ నెత్తిన పడింది

మనుషులను తగ్గించారు గానీ పనిని తగ్గించలేదు. ఏ పని ఆపాలో పైన ఎవరూ తేల్చలేదు, అందుకే అన్నీ కింద ఉన్నవాళ్ల మీద పడ్డాయి. రాత్రుళ్లు కూర్చుని అంతా చేసేస్తే ఆ కొరత ఎవరికీ కనబడదు, ఆ లోడే మామూలైపోతుంది.

ఒకే పేజీలో పనులన్నీ రాయండి. ఒక్కోదానికి ఎదురుగా వారానికి ఎన్ని గంటలు, ఆపితే ఎవరికి ఏం నష్టం. మొత్తం 62 గంటలు తేలి, మీ దగ్గర 40 ఉంటే, మేనేజర్‌కు ఆ పేజీ చూపించి, "ఇందులో 22 గంటల పని ఏది ఆపమంటారు?" అని అడగండి. "నా వల్ల కాదు" అన్నదానికంటే ఈ ప్రశ్నకు జవాబు త్వరగా వస్తుంది. జవాబు రాకపోతే, మీరు వేసుకున్న క్రమం మెయిల్‌లో పంపి, ఆ ప్రకారం నడవండి.

వెళ్లిపోతున్న సహోద్యోగితో అరగంట కూర్చుని పాస్‌వర్డులు ఎవరి దగ్గరున్నాయి, ఏ లైసెన్సు, ఏ డొమైన్ ఏ తేదీన రెన్యూ చేయాలి అన్నది రాసుకోండి. సంస్థ కుదుపుల్లో ఉన్నప్పుడు ఎక్కువగా కూలేవి ఇలాంటి, పట్టించుకునే మనిషి లేని పనులే.

మిగిలినవాళ్లకు ఇంకో బరువు ఉంటుంది. పక్క కుర్చీ ఖాళీ అయ్యి, తాము ఉండిపోయామన్న అపరాధ భావం. వెళ్లినవాళ్లకు ఏమనాలో తెలియక ఫోన్ కూడా చేయరు, అటువైపు మనిషికి అదే ఎక్కువగా గుచ్చుకుంటుంది. వారంలోపు ఫోన్ చేయండి. వాళ్లు చేసిన ఫలానా పని గురించి నాలుగు వాక్యాల సిఫార్సు రాసి ఇవ్వండి. నిజంగా ఉపయోగపడేది అది.

ఉదయం ఒక మాట, సాయంత్రం ఇంకో మాట

మేనేజర్ స్వభావం మారలేదు, పై నుంచి వస్తున్న ఒత్తిడి మారింది. ప్రతి మాటకూ రెండు వాక్యాల మెయిల్ పెడితే సగం తగ్గుతుంది: ఏం చేయమన్నారు, దానికోసం ఏది పక్కన పెట్టమన్నారు. ఆఫీసు చాట్‌లో మాత్రం ఎవరినీ తిట్టకండి. అడ్మిన్లు అది చదవగలరు.

ఒక్క విషయంలో మెత్తబడకూడదు. బిల్లు మీద పాత తేదీ వేయమనడం, పంపని సరుకును అమ్మినట్టు చూపమనడం, కస్టమర్‌కు అబద్ధం రాయమనడం ఇలాంటి రోజుల్లోనే మొదలవుతాయి. "ఇది నేను చేయలేను" అని రాతలో చెప్పండి. రేపు విచారణ జరిగితే ముందు అడిగేది సంతకం పెట్టినవాళ్లనే.

రాత్రి మూడింటికి మెలకువ వస్తోంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ జాబితా ఐసీడీ-11లో బర్నవుట్‌ను జబ్బుగా కాక, పనికి సంబంధించిన స్థితిగా చేర్చింది. గుర్తులు మూడు: తీరని అలసట, పని మీద విముఖత, ఏం చేసినా ఫలితం లేదనిపించడం. సెలవు పెట్టినా పనిచోటులోని కారణం అలాగే ఉంటే ఇవి మళ్లీ వస్తాయి, కాబట్టి ఇంతకు ముందు చెప్పిన పనులు ఆపకండి. దానితో పాటు రెండు వారాలు ఇలా చేసి చూడండి: ఎన్నింటికి పడుకున్నా ఒకే సమయానికి లేవండి, పడుకోవడానికి రెండు గంటల ముందు ఆఫీసు గ్రూపులు మూసేయండి, మెలకువ వస్తే బుర్రలో తిరుగుతున్నదాన్ని కాగితం మీద రాసి పక్కన పెట్టండి. గుండెలో నొప్పి, బిగుతు వస్తే అది ఒత్తిడేలే అని సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. బతకాలని లేదనిపిస్తే ఆ క్షణమే ఇంట్లోవాళ్లకు చెప్పండి, అదే రోజు డాక్టర్‌ను కలవండి.

ఉండాలా, వెళ్లాలా తేలడం లేదు

ఇది ధైర్యానికి సంబంధించిందనుకుంటాం గానీ ఎక్కువ భాగం లెక్కే. అద్దె, తిండి, వాయిదాలు, మందులు, పిల్లల ఫీజులు కలిపి నెలకు తప్పనిసరి ఖర్చు ఎంతో తేల్చండి. చేతిలో ఉన్న డబ్బును దానితో భాగించండి. మూడు నెలల లోపైతే ఇంకో ఉద్యోగం చేతికొచ్చే వరకు రాజీనామా వద్దు. ఆరు దాటితే ఎంచుకునే వెసులుబాటు ఉన్నట్టే.

నియామక పత్రంలో నాలుగు చోట్ల చూడండి: నోటీసు కాలం, నోటీసు బదులు ఇచ్చే జీతం, బోనస్ తేదీన ఉద్యోగంలో ఉండాలన్న షరతు, పోటీ సంస్థలో చేరకూడదన్న షరతు. వాళ్లు తీసేస్తే పరిహారం వచ్చేచోట మీ అంతట మీరు మానేస్తే రాకపోవచ్చు. స్టాక్ ఆప్షన్లుంటే, అంటే కంపెనీ షేర్లను ముందే ఖాయం చేసిన ధరకు కొనే హక్కు ఉంటే, ఉద్యోగం వదిలాక కొనుక్కునే గడువు చూడండి, 90 రోజులని రాసి ఉండటం మామూలే. పొదుపంతా సొంత కంపెనీ షేర్లలో ఉంచకండి. అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ 2001 డిసెంబర్‌లో దివాలా తీసింది. అంతకు ముందు ఏడాది చివరికి అక్కడి ఉద్యోగుల పదవీ విరమణ నిధిలో సగానికి పైగా ఆ కంపెనీ షేర్లే. ఉద్యోగం, దాచుకున్నది ఒకేసారి పోయాయి.

చివరికి తీసేస్తున్నామని పిలిస్తే ఆ గదిలో మీరు చేయాల్సింది తక్కువే. వాదించకండి, ఏడుపొస్తే ఆపుకోవాల్సిన పనీ లేదు. కాగితం ప్రతి ఇవ్వమనండి, చదవడానికి సమయం కావాలనండి. ఆఖరి జీతం, సెలవుల డబ్బు, అనుభవ ధృవపత్రం, బీమా ఆగే రోజు, ఈ నాలుగింటికీ తేదీలు మెయిల్‌లో పంపమని అడిగి బయటకు రండి.