కలిసి చదువుదాం – 3వ పాఠం: గతుకు దగ్గర ఆగడం

మొదటి రెండు పాఠాల్లో నలుగురేసి పిల్లలతో గుంపులు కట్టాం. శీర్షిక, బొమ్మ చూసి లోపల ఏముంటుందో ఊహించడం నేర్పాం. ఊహించడం పిల్లలకు ఆటలాంటిది, ఇట్టే వస్తుంది. ఈ పాఠంలో వచ్చేది కొంచెం కష్టం. చదువుతున్నప్పుడు తనకు ఎక్కడ అర్థం కాలేదో పిల్లవాడు తానే కనిపెట్టాలి, కనిపెట్టి నలుగురి ముందూ చెప్పాలి.

"అర్థమైందా?" అని అడిగి చూడండి. క్లాసంతా "అయింది సార్" అంటుంది. మన బళ్లలో ఆ మాట మర్యాద కోసం అంటారు. అందుకే ఆ ప్రశ్న మానేసి "ఎక్కడ తగిలింది?" అని అడుగుదాం.

అమెరికాలో జానెట్ క్లింగ్నర్, షారన్ వాన్ అనే పరిశోధకులు 1990ల్లో తయారు చేసిన గుంపు చదువు పద్ధతిలో ఇదొక మెట్టు. అంతకుముందే 1984లో పాలిన్క్సార్, బ్రౌన్ అనే మరో ఇద్దరు పరిశోధకులు పిల్లల చేత ప్రశ్నించడం, సందేహం తీర్చుకోవడం, సారం చెప్పడం చేయించి చూపించారు. క్లింగ్నర్ వాళ్లు అర్థమైన చోటును 'క్లిక్' అనీ, ఆగిపోయిన చోటును 'క్లంక్' అనీ అన్నారు. మనం సాఫీ, గతుకు అందాం. మన రోడ్ల మీద సైకిల్ తొక్కే పిల్లలకు ఇంతకంటే వివరం అక్కర్లేదు.

కర్నూలు దగ్గరి ఏడో తరగతి కోసం ఈ పేరా రాశాను. మీరు మీ ఊరి సంగతితో రాసుకోండి.

"సుంకేసుల దగ్గర తుంగభద్ర మీద జలాశయం ఉంది. అక్కడ మొదలైన కాలువ కర్నూలు మీదుగా కడప దాకా వెళ్తుంది. దాన్నే కేసీ కెనాల్ అంటారు. పందొమ్మిదో శతాబ్దంలో ఒక ప్రైవేటు కంపెనీ ఈ కాలువ తవ్వించింది. పొలాలకు నీళ్లివ్వడంతో పాటు సరుకుల పడవలు నడపాలని కూడా అనుకున్నారు. కంపెనీకి లాభాలు రాలేదు. 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది. రానురాను పడవలు పోయాయి, ఆయకట్టు మిగిలింది."

ముందు మీరే బోర్డు దగ్గర రెండు వాక్యాలు పైకి చదివి, ఒక చోట ఆగి, "ఇక్కడ నాకు గతుకు" అని గీత గీయండి. టీచరే ఆగాడంటే పిల్లలకు సిగ్గు పోతుంది. తర్వాత ఎవరికి వాళ్లు మనసులో చదువుకుని, పెన్సిలుతో గతుకుల కింద గీత గీయాలి. "మాకేం లేవు సార్" అనే వాళ్లు ప్రతి క్లాసులోనూ ఉంటారు, ముఖ్యంగా ముందు బెంచీలో. వాళ్లకు ఒకటే చెప్పండి: "అయితే ఇంట్లో ఐదో తరగతి తమ్ముడికి ఎక్కడ తగులుతుందో అక్కడ గీయి." అప్పుడు నిజమైన గతుకులు బయటపడతాయి.

ఇప్పుడు గుంపులో ఒకరు గతుకు కార్డు పట్టుకుంటారు. కార్డు మీద మూడు పనులే రాయండి. గతుకు మాట తీసేసి వాక్యం మళ్లీ చదవాలి, అక్కడ ఏ మాట కుదురుతుందో చూడాలి. ముందు వాక్యం, వెనక వాక్యం చూడాలి. మాటను విడదీయాలి. డిక్షనరీ ఆఖర్న. కార్డు పట్టుకున్న వాళ్లు జవాబు చెప్పరు, "ఈ పని చేశామా?" అని మాత్రం అడుగుతారు. ఆ కార్డు బాగా చదివే పిల్లలకు కాకుండా మాట్లాడని వాళ్లకు ఇవ్వండి.

విడదీయడం దగ్గర జాగ్రత్త. జలాశయాన్ని పిల్లలు జల, ఆశయం అని చక్కగా విడదీస్తారు. ఆశయమంటే లక్ష్యం అని వాళ్లకు తెలుసు. దాంతో సుంకేసుల దగ్గర నీళ్ల లక్ష్యం ఒకటి తయారవుతుంది! నవ్వకండి, తప్పని కూడా అనకండి. "నది మీద లక్ష్యం ఉంటుందా? వాక్యంలో పెట్టి చూడండి" అని పక్క గుంపు దగ్గరికి వెళ్లిపోండి. విడదీసిన ప్రతి మాటనూ మళ్లీ వాక్యంలోకి తెచ్చి చూసుకోవాలని వాళ్లకు అలాగే తెలుస్తుంది.

ఆయకట్టు, అంటే కాలువ నీళ్లు పారే భూమి, దాని కథ వేరు. మార్కులు బాగా వచ్చే టౌను పిల్లకు అది గతుకు కావచ్చు. కాలువ కింద మడి ఉన్న ఇంటి పిల్లవాడు మాత్రం "మా నాయన రోజూ అంటాడు కదా" అని తేల్చేస్తాడు. గుంపు కట్టింది ఇందుకే. ఇంట్లో ఉర్దూ, ఆదోని వైపు కన్నడ మాట్లాడే పిల్లలు తమ భాషలో చెప్పుకుంటే చెప్పుకోనివ్వండి. అర్థం ఏ దారిన వచ్చినా మనకు పనికొస్తుంది.

చివరి వాక్యం దగ్గర ఎక్కువసేపు ఆగండి. "పడవలు పోయాయి". ఇందులో తెలియని మాట ఒక్కటీ లేదు, కాబట్టి ఎవరూ గీత గీయరు. మీరే అడగండి: "ఎక్కడికి పోయాయి?" "మునిగిపోయాయి సార్", "ఎవరో ఎత్తుకుపోయారు సార్" అంటారు. పైకి వెళ్లి "పడవలు నడపాలని కూడా అనుకున్నారు" చదివించండి, ఆ తర్వాత "లాభాలు రాలేదు" చదివించండి. పడవలు నడపడం ఆగిపోయిందని వాళ్లే అంటారు. మాట తెలిసి కూడా వాక్యం తెలియని ఇలాంటి గతుకే నా లెక్కలో అసలైనది, మన పరీక్షలు దాదాపు ఎప్పుడూ అడగనిది.

గోల ఉంటుంది. పక్క క్లాసు మేడమ్‌కు ముందే ఒక మాట చెప్పి పెట్టుకోండి.

గుంపుకు తెగని గతుకులను చీటీ మీద రాయించి తీసుకోండి. పీరియడ్ చివర రెండు మూడు అందరితో కలిపి తేల్చండి, అన్నీ వద్దు.

మీ అభ్యాసం: వచ్చే వారం చెప్పబోయే సోషల్ లేదా సైన్స్ పాఠంలో ఒక పేరా తీసుకోండి. కథ వద్దు, సమాచారం ఉన్నదే కావాలి. పిల్లలు ఎక్కడ ఆగుతారో ముందే మీరు గీసుకోండి. తర్వాత వాళ్ల గీతలతో పోల్చి చూడండి. మీరు గీయని చోట ఎక్కువమంది గీసిన వాక్యాన్ని నోట్‌బుక్కులో రాసి పెట్టుకోండి. నాలుగో పాఠంలో పేరా సారాన్ని పది మాటల్లోపు చెప్పించబోతున్నాం, అందులో మొదట పట్టుకునేది ఆ వాక్యాన్నే.