ఫ్రాగ్ గోధుమ రంగుకు తిరిగిందా? ముందు పెరగనివ్వండి, రంగు తర్వాత

ఇంట్లోని ఉప్పునీటి ట్యాంకుకి కొత్తగా తెచ్చిన కోరల్ (పగడం) ఫ్రాగ్ రెండు మూడు వారాల్లో గోధుమ రంగుకు తిరగ్గానే చాలామంది టెన్షన్ పడిపోతారు. అదే రోజు లైటు పెంచేస్తారు, ఏదో ఒక సీసా తెచ్చి ట్యాంకులో పోస్తారు, ఫ్రాగ్‌ని కింద నుంచి పైకి, పై నుంచి పక్కకి మారుస్తారు. రంగు మారినంత మాత్రాన కోరల్ చావదు, ఈ హడావుడి మాత్రం దాన్ని నిజంగా చంపేస్తుంది. ఫ్రాగ్ అంటే తల్లి కోరల్ నుంచి నరికి తెచ్చిన కొమ్మ. గులాబీ కొమ్మ గుచ్చిన వారానికే పువ్వు ఎందుకు రాలేదని పీకి చూడం కదా, ఇదీ అంతే. ముందు గాయం మానాలి, తర్వాత అడుగున పట్టు దొరకాలి, తర్వాత పెరుగుదల మొదలవ్వాలి, రంగు వచ్చేది ఆ తర్వాతే. ఈ వరుసను తలకిందులు చేయబోయి నేను మంచి ఫ్రాగులు పోగొట్టుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

ఈ గోధుమ రంగు ఎక్కడిదో తెలిస్తే మిగతాది తేలిక. కోరల్ కండ దాదాపు పారదర్శకంగా ఉంటుంది. దాని లోపల జూజాంథెల్లే అనే ఒంటికణపు నాచు కాపురం ఉంటుంది, అది లైటుతో ఆహారం తయారుచేసి కోరల్‌కి పెడుతుంది. ఆ నాచు రంగే బంగారు గోధుమ. లైటు తగ్గితే ఉన్న కొద్ది లైటునే ఎక్కువగా పట్టుకోవడానికి నాచు ముదురు రంగుకు తిరుగుతుంది, నీళ్లలో నైట్రేట్, ఫాస్ఫేట్ ఎక్కువైతే నాచు సంఖ్య పెరుగుతుంది. రెండిట్లో ఏది జరిగినా కోరల్ సొంత రంగు దాని కింద కప్పుకుపోతుంది. ఆ సొంత రంగులు కోరల్ తయారుచేసుకునే ప్రొటీన్లు. కొన్ని నీలి లైటు కింద మెరిసేవి, కొన్ని మెరవకుండా నీలం, ఊదా, గులాబీ రంగుల్లో కనిపించేవి. మెరిసేవాటిది పెద్ద చరిత్రే. 1962లో ఒసాము షిమొమురా జెల్లీఫిష్‌లో ఆకుపచ్చగా మెరిసే ప్రొటీన్‌ని గుర్తించాడు, 2008లో ఆయనతో పాటు మరో ఇద్దరికి దాని మీదే కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఆ కుటుంబానికే చెందిన ఎర్ర ప్రొటీన్ 1999లో డిస్కోసోమాలో దొరికింది, అంటే మన ట్యాంకుల్లో మూలన పెట్టుకునే మష్రూమ్ కోరల్‌లో! కోరల్ ఈ ప్రొటీన్లలో చాలావాటిని ఎక్కువ లైటు నుంచి కాపు కోసం కూడా తయారుచేసుకుంటుంది. అందుకే రంగు రావాలంటే లైటు కావాలి, అయితే ఆ లైటుకి అలవాటు పడే టైమ్ కూడా దానికి ఇవ్వాలి.

ట్యాంకు సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. ఉప్పు లీటరుకు 35 గ్రాములు, అంటే స్పెసిఫిక్ గ్రావిటీ దాదాపు 1.026, వేడి 25–26 డిగ్రీలు. ఆర్‌ఓ/డీఐ నీళ్లలో (లవణాలన్నీ వడగట్టిన నీళ్లు) టీడీఎస్, అంటే కరిగి ఉన్న లవణాల కొలత, సున్నా ఉండాలి. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని 35 దగ్గర సరిచూసే ద్రావణంతో సెట్ చేసుకోండి, ఉత్త డిస్టిల్డ్ నీళ్లతో సున్నా దగ్గర సెట్ చేసి వదిలేస్తే పై అంకెల దగ్గర తప్పు చూపించవచ్చు. ఉప్పు కొలతే తప్పయితే తర్వాత కొలిచే కాల్షియం, మెగ్నీషియం లెక్కలు కూడా అర్థం కాకుండా పోతాయి.

ఫ్రాగ్ ఇంటికి రాగానే సంచిని పావుగంట ట్యాంకు నీళ్లమీద తేలనిచ్చి వేడి కలిసేదాకా ఆగండి, తర్వాత డిప్ చేయండి, అంటే పురుగులు రాలడానికి మందు కలిపిన నీళ్లలో ముంచండి. కోరల్ డిప్ సీసా మీద రాసిన మోతాదు, రాసిన నిమిషాలు, అంతకు మించి వద్దు. డిప్‌లో ఉండగా చిన్న పంపుతోనో బేస్టర్‌తోనో దాని మీదకు నీళ్లు కొడితే పురుగులు రాలి అడుగున కనిపిస్తాయి. ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి: డిప్ పురుగుల్ని రాలుస్తుంది కానీ గుడ్లని చంపదు. కొమ్మల్లా పెరిగే ఆక్రోపోరాని తినే ఫ్లాట్‌వార్మ్ (చదును పురుగు) గుడ్లు కండ లేని అడుగు భాగంలో, ఆకులా పరుచుకునే మాంటిపోరాని తినే న్యూడిబ్రాంక్ (చిప్ప లేని సముద్రపు నత్త) గుడ్లు ఆ ఆకు అడుగున అంటుకుని ఉంటాయి. అందుకే పాత ప్లగ్‌ని (ఫ్రాగ్‌ని అంటించే చిన్న దిమ్మ) ఊడబీకి పారేసి కొత్త ప్లగ్‌కి అంటించడం, వీలైతే విడిగా చిన్న ట్యాంకులో నెలన్నర పైనే ఉంచి వారం వారం మళ్లీ డిప్ చేయడం మంచిది. జోవాంథస్ (జోవాలు), పాలితోవా లాంటి ఎముక లేని కోరల్స్ ముట్టుకునేటప్పుడు గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. వాటిలో కొన్నిట్లో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. అవి ఉన్న రాయిని ఎట్టి పరిస్థితుల్లోనూ వేడినీళ్లలో ఉడికించకండి, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు ఉన్నాయి.

మీ దగ్గరున్న కోరల్‌ని మీరే కోస్తుంటే, కొమ్మ రకాలకి బోన్ కట్టర్ చాలు. రెండు మూడు సెంటీమీటర్ల ముక్క కోయండి, మరీ చిన్న ముక్క గాయం మాన్చుకోవడానికే అలసిపోతుంది. కోసిన చోట తుడిచి, జెల్ రకం సూపర్‌గ్లూ పెట్టి ప్లగ్‌కి అదిమితే అయిపోయింది. టార్చ్, హ్యామర్ లాంటి యూఫిలియా రకం కోరల్స్‌కైతే కండ జోలికి పోకుండా, అది ఆగిపోయిన చోటుకి రెండు మూడు సెంటీమీటర్లు కింద గట్టి ఎముక భాగంలో రంపంతో కోయాలి. మష్రూమ్‌కి జిగురు అంటదు. చిన్న గిన్నెలో రాతి ముక్కలు పోసి, పైన వల కట్టి, నీటి తోపు తక్కువ ఉన్న మూల పెడితే వారం పది రోజుల్లో దానంతట అదే ఏదో ఒక ముక్కని పట్టుకుంటుంది.

ఇక లైటు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఒకసారి ఓ ఆక్రోపోరా ఫ్రాగ్ తెచ్చాను, అది అంతవరకు పెరిగిన ట్యాంకులో లైటు ఎంతుందో నేను అడగలేదు, ఎస్పీఎస్ (చిన్న పాలిప్స్, అంటే పువ్వుల్లాంటి చిన్న జీవులు, ఉండే గట్టి కోరల్) కదా అని సరాసరి పై రాయి మీద ఫుల్ లైటు కింద పెట్టేశాను. మూడో రోజుకి లైటు వైపు తెల్లబడింది, వారానికి కండ ఊడిపోయింది. ఇప్పుడు ఏ ఫ్రాగ్ వచ్చినా మొదట ఇసుక మీదున్న ర్యాక్‌లోనే పెడతాను. లైటుని పార్ మీటర్‌తో (నాచు వాడుకోగల లైటు ఎంతుందో చూపేది) కొలవడం మంచిది, కొనక్కర్లేదు, ఒక్క రోజుకి ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుని ట్యాంకంతా కొలిచి కాగితం మీద రాసిపెట్టుకుంటే ఏళ్లు పనికొస్తుంది. సుమారుగా మష్రూమ్‌లకి, జోవాలకి 50–100, ఎల్‌పీఎస్‌కి (టార్చ్ లాంటి పెద్ద పాలిప్స్ ఉండే గట్టి కోరల్స్) 75–150, మాంటిపోరాకి 150–250, ఆక్రోపోరాకి 250–350 పార్ సరిపోతుంది. ఆక్రోపోరా అయినా సరే మొదట 100–150 దగ్గర పెట్టి నాలుగు నుంచి ఆరు వారాల్లో కొద్దికొద్దిగా పైకి తీసుకెళ్లండి. లేదా ఫ్రాగ్‌ని కదపకుండా లైటునే సగానికి తగ్గించి వారానికి ఐదారు శాతం చొప్పున పెంచండి, నాకైతే ఇదే నచ్చుతుంది, ఎందుకంటే ప్రతిసారీ చెయ్యి పెట్టి కదిపితే పట్టు దొరికే అడుగు మళ్లీ విడిపోతుంది. రోజుకి ఎనిమిది నుంచి పది గంటల లైటు చాలు. పైభాగం వెలిసిపోతుంటే లైటు ఎక్కువైనట్టు, నీడ వైపే కాకుండా అంతా ముదురు గోధుమగా ఉంటే తక్కువైనట్టు అనుకుని చూడండి, కానీ ఒకసారి మార్చాక కనీసం రెండు వారాలు ఆగాకే నిర్ణయానికి రండి.

అన్నట్టు, రంగు చూసేటప్పుడు లైటుని తెల్లగా మార్చి చూడండి. ఫ్రాగుల ఫొటోలు దాదాపు అన్నీ నీలి లైటు కింద తీసినవే, ఆ లైటులో మెరిసే ప్రొటీన్ ఉన్న ఏ కోరలైనా నిప్పులా కనిపిస్తుంది. మీ ఇంట్లో పగటి తెలుపు లైటులో అది అలా కనిపించకపోతే అది మీ తప్పూ కాదు, కోరల్ జబ్బూ కాదు.

నీటి తోపు విషయంలో ఒక్కటే చెప్తాను: ఒకే దిక్కు నుంచి పైపులా తగిలే ధార వద్దు, ఆ వైపు కండ ఎముక నుంచి ఊడి వస్తుంది. దిక్కులు మారుతూ, పాలిప్స్ అటూ ఇటూ ఊగేలా ఉండాలి. టార్చ్ చేతులు ఒకే వైపుకి అతుక్కుపోయి ఉంటే పంపు తిప్పండి.

ఇప్పుడు ఆల్కలినిటీ, అంటే కోరల్ ఎముక కట్టుకోవడానికి వాడే కార్బొనేట్ల కొలత, దీన్ని డికెహెచ్ అనే యూనిట్‌లో చెబుతారు. ఎముక కట్టే కోరల్స్ విషయంలో మిగతా కొలతలన్నిటికన్నా దీన్నే ముందు చూస్తాను. సహజ సముద్రంలో దాదాపు 7 డికెహెచ్ ఉంటుంది. ట్యాంకులో 7.5 నుంచి 9 మధ్య ఏ అంకె అయినా ఫరవాలేదు, ఆ అంకె కదలకుండా ఉండటమే ముఖ్యం. రోజుకి అర డికెహెచ్ కన్నా ఎక్కువ ఊగితే ఆక్రోపోరా కొసలు కాలిపోవడం, అడుగు నుంచి కండ తగ్గిపోవడం మొదలవుతాయి. కాబట్టి ఈరోజు సాయంత్రం ఏడింటికి కొలవండి, ఏమీ పోయకుండా రేపు అదే టైమ్‌కి కొలవండి. 8.5 కాస్తా 8.2 అయితే మీ ట్యాంకు రోజుకి 0.3 తింటోంది. 100 లీటర్ల నీళ్లలో 1 డికెహెచ్ పెంచడానికి దాదాపు 3 గ్రాముల బేకింగ్ సోడా పడుతుంది, అంటే ఈ ట్యాంకుకి రోజూ 0.9 గ్రాము. ఆర్‌ఓ నీళ్లలో కరిగించి, తోపు గట్టిగా ఉన్నచోట మెల్లగా పోయండి. కోరల్ 2.8 డికెహెచ్ తిన్నప్పుడు 20 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) కాల్షియం కూడా తింటుంది, కనుక ఒకటి పోస్తూ రెండోది మర్చిపోతే కొన్ని వారాల్లో లెక్క తప్పుతుంది. కాల్షియం 420 పీపీఎం, మెగ్నీషియం 1300 దరిదాపుల్లో ఉంచండి. ఎంత పోసినా ఆల్కలినిటీ నిలవట్లేదంటే ముందు మెగ్నీషియం కొలవండి. ఫ్రాగులు పెరిగేకొద్దీ ఈ తిండి కూడా పెరుగుతుంది, కాబట్టి వారానికి రెండుసార్లయినా కొలవాలి.

నైట్రేట్, ఫాస్ఫేట్‌ని శత్రువులుగా చూడటం మానేయండి. నీళ్లు ఎంత ఖాళీగా ఉంటే రంగు అంత బాగుంటుందని విని చాలామంది రెండిటినీ సున్నాకి దించుతారు. దాంతో కోరల్ లోపలి నాచు ఆకలితో తగ్గిపోయి, ఫ్రాగ్ పాలిపోయి, లేత పసుపు తెలుపుకి వస్తుంది. కొన్నాళ్లకి రాళ్ల మీద బుడగలతో కూడిన గోధుమ జిగురు, అదే డైనోలు (డైనోఫ్లాజెలేట్ అనే నాచు), పరుచుకుంటాయి. పాలిపోవడం రంగు రావడం కాదు, ఆకలి. నైట్రేట్ 5–10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03–0.10 పీపీఎం మధ్య ఉంచితే సరిపోతుంది. హన్నా చెకర్లో (చిన్న ఫాస్ఫేట్ మీటర్) ఫాస్ఫరస్‌ని పీపీబీలో చూపించే రకం వాడేవాళ్లు ఆ అంకెని 3.066తో గుణించి వెయ్యితో భాగించాలి, 20 చూపిస్తే దాదాపు 0.06 అన్నమాట. ఫాస్ఫేట్ ఎక్కువున్నా సరే, ఫాస్ఫేట్‌ని పీల్చే జీఎఫ్ఓ సంచి మొత్తం ఒకేసారి పెట్టకండి. 0.3 నుంచి రెండు రోజుల్లో 0.02కి పడితే ఎస్పీఎస్ కండ ఊడిపోవచ్చు. చెప్పిన మోతాదులో పావు వంతుతో మొదలుపెట్టి వారాలపాటు దించండి. ఇంకో సంగతి, పోషకాలు దాదాపు సున్నా ఉన్న ట్యాంకులో ఆల్కలినిటీ 9 దాటిస్తే కొసలు కాలతాయి, అలాంటి నీళ్లకి 7.5 దగ్గరే మంచిది.

పోషకాలు తక్కువైతే నేను ముందు చేపలకి మేత పెంచుతాను, అదే కోరల్స్‌కి కూడా అందుతుంది. ఎల్‌పీఎస్‌కి వారానికి ఒకటి రెండుసార్లు మైసిస్ (చిన్న రొయ్యల్లాంటివి) ముక్కలు నోటికి అందిస్తే కళ్లముందే లావెక్కుతాయి. అమైనో ఆసిడ్లు, రంగుల కోసం అమ్మే ట్రేస్ ఎలిమెంట్ సీసాలు మాత్రం కొలవకుండా పోయకండి. పది రోజులకోసారి పది శాతం నీళ్లు మార్చే మామూలు ట్యాంకుకి చాలావరకు మంచి ఉప్పులోనే అన్నీ వస్తాయి. ఆరు నెలలైనా ఏదో ఒక రంగు రావట్లేదంటే అప్పుడు ఐసీపీ టెస్ట్‌కి (నీళ్లలోని మూలకాలు కొలిచే ల్యాబ్ పరీక్ష) నీళ్లు పంపించి, పొటాషియం 380–400 పీపీఎం దగ్గర ఉందా, ఏ లోహమైనా ఎక్కువైందా అన్నది చూసుకోండి.

ఫ్రాగ్ కుదురుకుందని తెలిసేది రంగుతో కాదు. లైట్లు ఆరాక పాలిప్స్ బాగా బయటికి వస్తాయి, అడుగున కండ జిగురు మీదకి పాకి ప్లగ్ అంచుల వైపు పల్చటి పొరలా పరుచుకుంటుంది. ఈ దశలో కొమ్మ పైకి ఒక మిల్లీమీటరు కూడా పెరగకపోవచ్చు, నెల, రెండు నెలలు అలాగే ఉండవచ్చు, అది మామూలే. తర్వాత కొసల్లో తెల్లటో లేత రంగో చుక్కలా కనిపిస్తుంది, అది కొత్త పెరుగుదల. వెలిసిపోవడానికీ దీనికీ తేడా ఏమిటంటే, ఇది కొసల్లోనే ఉంటుంది, దాని మీద కండ ఉంటుంది, చిన్న పాలిప్స్ కనిపిస్తాయి. అడుగు నుంచి తెలుపు పైకి ఎక్కుతుంటే మాత్రం వెంటనే ఆల్కలినిటీ, ఉప్పు, వేడి కొలవండి, పురుగుల కోసం టార్చిలైటుతో వెతకండి. అయినా ఆగకపోతే, తెలుపు అంచుకి ఒక సెంటీమీటరు పైన, బాగున్న కండలో కోసి కొత్త ప్లగ్‌కి అంటించండి.

నెలకోసారి ఒకే తెలుపు లైటు కింద, ఒకే దూరం నుంచి ఫొటో తీసి, దాని కిందే ఆ రోజు ఆల్కలినిటీ, నైట్రేట్, ఫాస్ఫేట్ రాసిపెట్టండి. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు, మూడు నెలల ఫొటోలు పక్కపక్కన పెడితే కొసల్లో నీలం ఎప్పుడు మొదలైందో, గోధుమ ఎక్కడి నుంచి వెనక్కి తగ్గిందో స్పష్టంగా కనిపిస్తుంది. కండ ప్లగ్ అంతా కప్పేశాక దాని కాడ విరిచి రాయి మీద శాశ్వతమైన చోట అంటించండి, చుట్టూ కనీసం పది సెంటీమీటర్ల ఖాళీ వదలండి, టార్చ్ పక్కనైతే ఇంకా ఎక్కువ, రాత్రి దాని చేతులు చాచి పక్కవాటిని కుడుతుంది.