ఎంపీఎఫ్ఐ తీసి కార్బ్యురేటర్ పెట్టాక బండి మొండికేస్తే

కొందరు పాత జీపులోకి 1300 సీసీ మారుతి ఎంపీఎఫ్ఐ ఇంజన్ (కంప్యూటర్ చెప్పినట్టు ఇంజెక్టర్లు పెట్రోల్ చిమ్మే రకం) దించి, దానికి కార్బ్యురేటర్ (గాలి లాగుడుతోనే పెట్రోల్ కలిపే పాత పరికరం) బిగించి హాట్ రాడ్, అంటే షోకైన జోరు బండి, చేద్దామనుకుంటారు. రావులపాలెంలో ఆగినా భీమవరంలో ఆగినా రోడ్డు పక్కనే విప్పి బాగుచేసుకోవచ్చన్నది ధీమా. మంచి ఆలోచనే. కాకపోతే బండి మొరాయించగానే అందరి చెయ్యీ ముందు కార్బ్యురేటర్ స్క్రూల మీదికే పోతుంది. అక్కడే పని చెడుతుంది. ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, పెట్రోల్ కొలవడంతో పాటు ప్లగ్గుకు కరెంటు ఎప్పుడివ్వాలో, పంపు ఎప్పుడాపాలో, ఫ్యాను ఎప్పుడు తిప్పాలో కూడా చూసుకునేది. దాన్ని తీసేశాక ఆ పనులు ఎవరికి అప్పజెప్పారో ముందు చూడండి. వరస ఇదీ: పెట్రోల్ ప్రెషర్, తర్వాత కరెంటు, ఆ తర్వాతే కార్బ్యురేటర్.

ఇంకో ముఖ్యమైన సంగతి. రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కట్టడి చేస్తుంది. ఇంజన్ దించకముందే ఆర్టీవో ఆఫీసులో కనుక్కోండి.

సెల్ఫ్ కొడితే పెట్రోల్ వాసన, తడిసిన ప్లగ్గులు, నల్ల పొగ

చాలాసార్లు కారణం ట్యాంకులోనే ఉండిపోయిన పాత పంపు. ఎంపీఎఫ్ఐ పంపు సుమారు 3 బార్, అంటే 40 పీఎస్ఐ పైచిలుకు ప్రెషర్ ఇస్తుంది. కార్బ్యురేటర్‌కు కావలసింది 3 నుంచి 5 పీఎస్ఐ. కార్బ్యురేటర్ గిన్నెలో (ఫ్లోట్ బౌల్) తేలే ఫ్లోట్ పైకి లేచి, పెట్రోల్ దారిని నీడిల్‌తో మూస్తుంది. అంత తోపుకు ఆ నీడిల్ నిలవదు.

ఇలా చూడండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఎయిర్ ఫిల్టర్ తీసి, ఇంజన్ ఆపే ఉంచి పంపు మాత్రం ఆన్ చేసి, కార్బ్యురేటర్ గొంతులోకి టార్చి వేయండి. మెయిన్ నాజిల్ నుంచి చుక్కలు పడుతుంటే నీడిల్ ఓడిపోతున్నట్టే. వెంటనే ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వచ్చినా, మట్టం పెరిగినా ఆయిల్ మార్చేదాకా ఇంజన్ తిప్పొద్దు, బేరింగులు పోతాయి.

పరిష్కారం: ట్యాంకులోంచి పాత పంపు తీసేసి, దాని స్థానంలో మామూలు గొట్టం దించండి. చచ్చిన పంపు గుండా పెట్రోల్ లాగిద్దామని చూడొద్దు, అడ్డుపడుతుంది. బయట తక్కువ ప్రెషర్ ఎలక్ట్రిక్ పంపును ట్యాంకుకు దగ్గరగా, వీలైనంత కిందుగా బిగించండి. ఈ పంపులకు తోయడం తేలిక, లాగడం కష్టం. పాత పంపే ఉంచాలంటే, ప్రెషర్ తగ్గించి మిగిలిన పెట్రోల్‌ను రిటర్న్ లైన్‌లో ట్యాంకుకు తిప్పి పంపే రెగ్యులేటర్ తప్పనిసరి. ఏది పెట్టినా లైనులో గేజి బిగించి అంకె కళ్లారా చూడండి.

ఇక్కడ ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను. పంపు వైరును నేరుగా ఇగ్నిషన్ కీకి కలపకండి. ఇంజన్ ఆగగానే పంపును ఆపేసే పని ఇదివరకు ఈసీయూ చేసేది. ఇప్పుడు కాలవ గట్టు మీద బండి బోల్తా కొట్టి పైపు ఊడితే పంపు పెట్రోల్ చిమ్ముతూనే ఉంటుంది. ఆయిల్ ప్రెషర్ స్విచ్‌తోనో, ఇంజన్ తిరుగుతున్నంతసేపే పనిచేసే రిలేతోనో పంపు ఆగేలా వైరింగ్ చేయించండి.

సెల్ఫ్ తిరుగుతోంది, ప్లగ్గుకు కరెంటు లేదు

ఇంజెక్టర్లతో పాటు ఈసీయూ కూడా పీకేసి ఉంటారు. మీ ఇంజన్ కార్బ్యురేటర్ మోడల్‌కు డెల్కో (ప్లగ్గులకు వరసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) ఉండి, మీ హెడ్డుకు అది కూర్చునే వీలుంటే అదే తేలిక దారి. వీలు లేకపోతే ఈసీయూను కరెంటు కోసమే ఉంచుకోండి. క్రాంక్ సెన్సర్ ఉండాలి, మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిచేది) గొట్టం మానిఫోల్డ్‌కు, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టాలకు, థ్రాటిల్ పలక దిగువన కలవాలి, థ్రాటిల్ సెన్సర్ కార్బ్యురేటర్ ఇరుసుకు బిగియాలి. మూడో దారి విడిగా దొరికే ఇగ్నిషన్ బాక్సు. అమెరికాలో షెవర్లే ఎల్ఎస్ ఇంజన్లకు కార్బ్యురేటర్ పెట్టేవాళ్లు ఎక్కువగా చేసేది ఇదే, ఎందుకంటే ఆ ఇంజన్లలో డెల్కో ఉండదు.

కరెంటు వచ్చినా బండి బరువుగా లాగుతూ వేడెక్కుతుంటే అడ్వాన్స్, అంటే పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు ప్లగ్గు మెరుస్తోందో, చూడాలి. టైమింగ్ లైటు పెట్టి, వాక్యూమ్ గొట్టం ఊడదీసి చూస్తే ఐడిలింగ్‌లో సుమారు 10 డిగ్రీలు, 3000 ఆర్పీఎంకు 30 దరిదాపులకు రావాలి. అసలు అంకె మీ ఇంజన్ మాన్యువల్‌ది. అంకె కదలకుండా అక్కడే ఉంటే డెల్కోలో బరువులు పట్టేశాయి. ఎత్తులో టకటకమని కొడితే రెండు డిగ్రీలు తగ్గించండి. ఆ టకటకను పసిగట్టే నాక్ సెన్సర్ ఇంజన్‌కు ఉన్నా, ఈసీయూ తీసేశాక దాని కాపలా ఉండదు.

ఐడిలింగ్ బాగుంది, యాక్సిలరేటర్ తొక్కగానే చతికిలబడుతుంది

ముందు యాక్సిలరేటర్ పంపు చూడండి. ఇంజన్ ఆపి థ్రాటిల్ లాగితే గొంతులోకి సన్నటి ధార వెంటనే పడాలి. ఆలస్యమైతే డయాఫ్రం మార్చండి.

ధార బాగానే ఉంటే కార్బ్యురేటర్ పెద్దదై ఉండొచ్చు. 1300 సీసీ ఇంజన్ 6000 ఆర్పీఎం దగ్గర పీల్చేది నిమిషానికి సుమారు 3,300 లీటర్ల గాలి. బానెట్ పైకి గొప్పగా కనిపిస్తుందని తెప్పించుకునే 600 సీఎఫ్ఎం (నిమిషానికి 600 ఘనపుటడుగుల గాలి) ఫోర్ బ్యారెల్, అంటే నాలుగు గొంతుల, కార్బ్యురేటర్ దాదాపు 17,000 లీటర్లకు తయారైంది. అది పెద్ద వీ8 సరుకు. చిన్న ఇంజన్ మీద దాని గొంతులో గాలికి వేగం ఉండదు, పెట్రోల్ లేవదు. ఏ స్క్రూ తిప్పినా అది మారదు.

మూడోది మానిఫోల్డ్. ఎంపీఎఫ్ఐ మానిఫోల్డ్ పెట్రోల్ కలవని ఉత్త గాలి కోసం చేసింది. లేతులో ప్లేటు కోయించి దాని మీదే కార్బ్యురేటర్ కూర్చోబెడితే, పెట్రోల్ ఆ పొడవాటి గొట్టాల్లో చెమ్మగా పేరుకుంటుంది. పుష్యమాసం మంచులో, కాలవల పక్కన ఇది మరీ ఎక్కువ. కార్బ్యురేటర్ కింద మానిఫోల్డ్‌కు నీటి చుక్కలు పట్టడం కూడా చూస్తారు. కార్బ్యురేటర్ మోడల్ మానిఫోల్డ్ సంపాదించి, రేడియేటర్ వేడినీళ్లు దానిలోంచి పోయేలా గొట్టాలు కలపండి.

రోహిణి కార్తెలో పది నిమిషాలు ఆపితే మళ్లీ అందుకోదు

ఇంజన్ వేడికి ఫ్లోట్ బౌల్‌లో పెట్రోల్ మరిగి మానిఫోల్డ్‌లోకి దిగుతుంది, లేదా పైపులో ఆవిరి కడుతుంది. అప్పటికి యాక్సిలరేటర్ నేలకు తొక్కిపట్టి, పంపింగ్ చేయకుండా సెల్ఫ్ కొట్టండి. శాశ్వతంగా అయితే కార్బ్యురేటర్ కింద వేడిని ఆపే బేకలైట్ స్పేసర్, సైలెన్సర్ వైపు రేకు అడ్డు, ట్యాంకుకు రిటర్న్ లైన్. పెట్రోల్ పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా తిప్పండి.

ఫ్యాను అసలు తిరగకపోతే అది వేరే జబ్బు. దాన్ని నడిపిన ఈసీయూ పోయింది. రేడియేటర్‌కు థర్మో స్విచ్, రిలే పెట్టించండి.

కార్బ్యురేటర్‌లో టప్‌మని పేలుతోంది, ప్లగ్గులు తెల్లగా ఉన్నాయి

పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ. ముందు ప్యాకింగులు, బ్రేక్ బూస్టర్ గొట్టం చూడండి. ఐడిలింగ్‌లో వాటి చుట్టూ నీళ్లు చిమ్మితే, లీకున్నచోట ఇంజన్ శబ్దం మారుతుంది.

లీకు లేకపోతే బంకులో పోసే పెట్రోలే కారణం కావొచ్చు. ఎథనాల్ కలవని పెట్రోల్ ఒక పాలుకు బరువులో 14.7 పాళ్ల గాలి సరిపోతే, ఇరవై శాతం ఎథనాల్ కలిసిన ఈ20కి 13.5 దగ్గర చాలు. అంటే అదే గాలికి పెట్రోల్ ఎక్కువ కావాలి. ఆక్సిజన్ సెన్సర్ ఉన్నప్పుడు ఈసీయూ తనే సర్దుకునేది. కార్బ్యురేటర్‌కు ఆ తెలివి లేదు, పెట్రోల్‌ను కొలిచి వదిలే చిన్న రంధ్రమున్న జెట్టు మీరే మార్చాలి. పెట్రోల్ సుమారు తొమ్మిది శాతం పెరగాలంటే రంధ్రం వ్యాసం దాదాపు నాలుగున్నర శాతం పెరిగితే చాలు. 110 జెట్టుంటే 115 వేసి, కొంత దూరం నడిపి ప్లగ్గు చూడండి. లేత గోధుమ రంగు వచ్చిందంటే కుదిరినట్టే.

ఎథనాల్ తేమను పీల్చుకుంటుంది. మన కోనసీమ గాలిలో తేమకు కొదవే లేదు. వారాల తరబడి షెడ్డులో నిలబెట్టిన బండిలో నీరు విడిపోయి ఫ్లోట్ బౌల్ అడుగుకు చేరుతుంది, అక్కడ తెల్లటి పొడి కడుతుంది. ఆ పొడే స్లో జెట్టును మూసేసి ఐడిలింగ్ చంపుతుంది. బండి పక్కన పెట్టేముందు పంపు ఆపి, బౌల్ ఖాళీ అయ్యేదాకా ఇంజన్ నడపండి. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి మెత్తబడతాయి కాబట్టి, ఎథనాల్ తట్టుకునే ఆర్9 రకం గొట్టం వేయించండి. అంబాజీపేట వైపు కొబ్బరి పీచు షెడ్ల దారిలో తిరిగే బండైతే ఎయిర్ ఫిల్టర్‌ను కూడా తరచూ దులపండి. పీచు పొడితో అది మూసుకుంటే నల్ల పొగ వస్తుంది, దానికి జెట్టు చిన్నది చేయడం మందు కాదు.