ట్రిప్-హాప్ ఆల్బమ్ మొదటిసారి వినేవాళ్లకు: బేస్ పోతే సగం పోయినట్టే

ట్రిప్-హాప్ (హిప్-హాప్ తరహా బీటును నెమ్మది చేసి, మీద మెత్తని గొంతు పెట్టే సంగీతం) ఒకసారి విని వదిలేసినవాళ్లు చాలామంది చెప్పే మాట, "బాగానే ఉంది గానీ నిద్రొస్తుంది" అని. ఎక్కువసార్లు ఆ నిద్ర ఫోన్ స్పీకర్ తెచ్చిపెట్టేదే. ఈ సంగీతంలో డ్రమ్ము, బేస్ గిటారు కింద బరువుగా, నింపాదిగా నడుస్తుంటాయి. గొంతు మాత్రం ఆ బరువుతో తనకేం పనిలేనట్టు పైన తేలుతుంటుంది. ఈ రెండింటి మధ్య లాగుడులోనే రుచంతా ఉంది. బేస్ గిటారు లావు తీగ పలికేది 41 హెర్ట్జ్ దగ్గర; ఫోన్ స్పీకర్లకు 200 హెర్ట్జ్ కిందకి దిగితే చేతకాదు. కింది భాగం ఎగిరిపోయాక మిగిలేది జోలపాటే.

మొదటి ఆల్బమ్‌గా మోర్చీబా అనే బ్యాండ్ వాళ్ల 'బిగ్ కామ్' (1998) పెట్టుకోండి. బీట్లు, వాయిద్యాలు పాల్, రాస్ గాడ్‌ఫ్రీ అన్నదమ్ములవి, గొంతు స్కై ఎడ్వర్డ్స్‌ది. ఈ తరహాకు పుట్టిల్లు ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్. మాసివ్ అటాక్ 'బ్లూ లైన్స్' (1991), పోర్టిస్‌హెడ్ 'డమ్మీ' (1994) అక్కడివే. కాని 'డమ్మీ'లో దిగులు పాలు ఎక్కువ, మొదటి రోజే అంత అక్కర్లేదు.

ముందు ఇయర్‌ఫోన్ సంగతి. ఖరీదు కన్నా చెవిలో బిగువుగా కూర్చోవడం ముఖ్యం. డబ్బాలో వచ్చే మూడు సైజుల రబ్బరు బుడిపెలు మార్చి మార్చి చూడండి. పాట నడుస్తుండగా ఇయర్‌ఫోన్‌ను వేలితో కొద్దిగా లోపలికి నొక్కండి. బేస్ ఒక్కసారిగా పెరిగిందంటే పక్కనుంచి గాలి పోతున్నట్టు, ఇంకో సైజు పెట్టాలి. ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఇంకోటి సరిపోవడం మామూలే.

స్పీకర్ మీద వినేటట్టయితే దాన్ని గోడకు ఆనించకండి, ఒక అడుగు ఇవతలికి జరపండి. మూలన పెడితే బేస్ ఉబ్బి గొంతును మింగేస్తుంది. కింద నాలుగు మడతల తువ్వాలు వేయండి. అయినా ఎక్కడో జర్రుమంటుంటే స్పీకర్ పోయిందని కంగారుపడొద్దు. బీరువా తలుపు మీద చేయి ఆనించండి, ఆగకపోతే అరలో ఒకదానికొకటి తగులుతున్న స్టీలు గ్లాసులను విడదీయండి. మన ఇళ్లలో పది సార్లకు ఎనిమిది సార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

ఫోన్‌లో షఫుల్, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి పాట మొదట్లో కలిపేసేది) రెండూ తీసేయండి. బేస్ బూస్ట్, సరౌండ్ లాంటివి కూడా వద్దు. రికార్డింగ్‌లో బేస్ ముందే నిండుగా ఉంది, ఇంకా పెంచితే మొత్తం ముద్దవుతుంది. 320 కేబీపీఎస్ క్వాలిటీలో నిమిషానికి 2.4 ఎంబీ, అంటే ముప్పావు గంట ఆల్బమ్‌కు 110 ఎంబీ లోపే. ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే మధ్యలో బఫరింగ్ బాధ ఉండదు.

ఇక వేళ. హన్మకొండలో మే నెల మధ్యాహ్నం కూలర్ ఫుల్ స్పీడులో తిరుగుతుంటే ఈ పాటలు పెట్టి లాభం లేదు. కూలర్ హోరు స్కై గొంతులోని ఊపిరి చప్పుడును, పదాల చివర్లను తినేస్తుంది. కాజీపేట నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైల్లో దీనికి తిరగబడ్డ ఇబ్బంది: పట్టాల దడదడ సరిగ్గా బేస్ ఉండే చోటే కూర్చుంటుంది. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఫ్యాన్ గుయ్ మంటున్నా అంతే. రాత్రి పది దాటాక, వీధిలో బరాత్ లేని రోజు చూసుకోండి. భద్రకాళి బండ్ మీద పొద్దున నడుస్తూ వినడం బాగుంటుంది గాని, అది రెండోసారికి.

వాల్యూమ్ ఎంత? బేస్ వరసను మీరు నోటితో కూనిరాగం తీయగలిగేంత. సౌండ్ తగ్గేకొద్దీ చెవికి ముందు మాయమయ్యేది బేసే కాబట్టి, మరీ మెల్లగా పెట్టుకునే రాత్రుల్లో ఈక్వలైజర్‌లో బేస్ పట్టీని 2–3 డెసిబెల్స్ పెంచుకోవచ్చు. బూస్ట్ వద్దన్న మాటకు ఇదొక్కటే మినహాయింపు. పైకి వెళ్లడానికీ హద్దుంది: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటల వరకే.

సినిమా పాటకు అలవాటు పడ్డ చెవి పల్లవి తర్వాత చరణం కోసం, అందులో గొంతు పైకి లేవడం కోసం ఎదురుచూస్తుంది. ఇక్కడ అలా లేవదు. ఒకే బీటు తిరిగి తిరిగి వస్తుంది; బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగినవాళ్లకు ఇదేం వింత కాదు. మొదటిసారి మాటలు పట్టుకోవాలని చూడకండి, బేస్ వెంట పోండి. ఆల్బమ్ తెరిచే 'ది సీ'లోనే అది దొరుకుతుంది. రెండోసారి గొంతు మీద ఉండండి. పాడేవాళ్లు మైకుకు బాగా దగ్గరగా, దాదాపు గుసగుసలా పాడతారు. ఆ మెల్లని గొంతును కంప్రెసర్‌తో (సౌండు హెచ్చుతగ్గులను దగ్గర చేసే పరికరంతో) పైకి తెస్తారు. అందుకే పదానికి ముందు తీసుకునే గాలి కూడా చెవి పక్కనే వినిపిస్తుంది. ఎక్కడో దూరంగా, అదే సమయంలో మరీ దగ్గరగా ఉన్నట్టు అనిపించడానికి కారణం అదీ, దానిమీద వేసిన రివర్బూ (ప్రతిధ్వనిలాంటి మోత).

చిటపటలు వినిపిస్తే జాక్ పాడైందేమో అని లాగి పెట్టకండి. ఈ తరహాలో పాత వినైల్ రికార్డుల గీతల చప్పుడును కావాలనే ఉంచుతారు. పోర్టిస్‌హెడ్ వాళ్లయితే తాము వాయించినదాన్నే వినైల్ మీద కొట్టించి, దాన్నుంచి మళ్లీ శాంపిల్ (పాటలో వాడుకునే ముక్క) తీశారు. అనుమానం ఉంటే పాటను పది సెకన్లు వెనక్కి జరపండి: చిటపట అదే చోట వస్తే రికార్డింగ్‌లోది, చోటు మారితే వైరుది.

ఇది నచ్చాక జీరో 7 'సింపుల్ థింగ్స్' (2001) ఇంకా మెత్తగా ఉంటుంది. చీకటి వైపు పోవాలంటే మాసివ్ అటాక్ 'మెజ్జనైన్' (1998). అందులో 'టియర్‌డ్రాప్' పాడిన ఎలిజబెత్ ఫ్రేజర్ గొంతు కోసమైనా వినాలి. దాన్ని మాత్రం అరచేతిలో పట్టే బ్లూటూత్ డబ్బా మీద పెట్టకండి.