గ్రీన్‌కార్డు క్యూలో ఉండగా ఉద్యోగం మారడం, ఇండియా వెళ్లి రావడం ఎలా?

అమెరికాలో ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏటా సుమారు 1,40,000. మామూలుగా ఒక్కో దేశంలో పుట్టినవాళ్లకు అందులో 7 శాతానికి మించి దక్కవు. అందుకే ఈబీ-2, ఈబీ-3 (చదువు, నైపుణ్యాన్ని బట్టి విడదీసిన ఉద్యోగ కేటగిరీలు) వరుసల్లో నిలబడ్డ మనవాళ్లకు నిరీక్షణ ఏళ్లకు ఏళ్లు సాగుతుంది. అన్నేళ్లలో కంపెనీ మారాల్సి రావచ్చు, లేఆఫ్ రావచ్చు, ఊళ్లో నాన్నగారికి ఆపరేషన్ పడవచ్చు. వీటిలో దేనికీ గ్రీన్‌కార్డు అప్లికేషన్ అడ్డు కాదు. కాకపోతే ఏ పని ముందు, ఏది తర్వాత అన్న వరుస తప్పకూడదు. కింద చెప్పిన నియమాలు, ఫీజులు 2026 ఆరంభం నాటివి.

1. మీరు ఏ దశలో ఉన్నారో తేల్చుకోండి

"గ్రీన్‌కార్డు ప్రాసెస్‌లో ఉంది" అని అందరూ ఒకే మాట అంటారు కానీ, అందులో మూడు వేర్వేరు దశలున్నాయి.

పెర్మ్ (ఆ ఉద్యోగానికి స్థానికులు దొరకలేదని కంపెనీ కార్మిక శాఖ నుంచి తీసుకునే ధ్రువీకరణ) లేదా ఐ-140 (మీ కోసం కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) నడుస్తుంటే మీకున్న ఆధారం హెచ్-1బి వర్క్ వీసా ఒక్కటే. ప్రయాణం చేసినంత మాత్రాన పెర్మ్‌కూ ఐ-140కీ ఏమీ కాదు. పెర్మ్ లేదా ఐ-140 వేసి 365 రోజులు దాటితే, ఆరేళ్ల గడువు ముగిశాక కూడా హెచ్-1బిని ఏడాది చొప్పున పొడిగించుకోవచ్చు.

ఐ-140 అప్రూవ్ అయి, మీ ప్రయారిటీ డేట్ (వరుసలో మీ స్థానం చెప్పే తేదీ) కరెంట్ కాకపోతే, అంటే మీ వంతు ఇంకా రాకపోతే, పొడిగింపు మూడేళ్ల చొప్పున వస్తుంది. హెచ్-4 (హెచ్-1బి వాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా)లో ఉన్న భార్య లేదా భర్త హెచ్-4 ఈఏడీకి, అంటే పని అనుమతి కార్డుకు, అప్లై చేయవచ్చు. అప్రూవ్ అయి 180 రోజులు నిండాక పాత కంపెనీ ఆ ఐ-140ని వెనక్కి తీసుకున్నా, మీ ప్రయారిటీ డేట్ పోదు, పొడిగింపుల హక్కూ పోదు. కొత్త కంపెనీ పెర్మ్, ఐ-140 మళ్లీ మొదలుపెట్టాలి కానీ, వరుసలో మీ స్థానం మీదే. ఈ దశలో ఉద్యోగం మారాలనుకుంటే రాజీనామాకు ముందు ఆ 180 రోజులు లెక్కపెట్టుకోండి. ఐ-140 అప్రూవల్ నోటీసు నకలు అడిగి దగ్గర పెట్టుకోండి. కంపెనీ నకలు ఇవ్వకపోయినా రిసీట్ నంబరైనా మీ చేతిలో ఉండాలి.

ఐ-485 (గ్రీన్‌కార్డుకు మీరు వేసే ఆఖరి అప్లికేషన్) వేసి, రిసీట్ వచ్చాక మీరు మూడో దశలో ఉన్నట్టు. ఇక్కడి నుంచి చెప్పేదంతా ముఖ్యంగా ఈ దశ గురించే.

2. ఐ-485 వేసేటప్పుడే మిగతా రెండూ (ఈఏడీకి ఐ-765, అడ్వాన్స్ పరోల్‌కు ఐ-131) వేయండి

విదేశాంగ శాఖ ప్రతి నెలా వీసా బులెటిన్‌లో రెండు పట్టికలు ఇస్తుంది: ఫైనల్ యాక్షన్ డేట్స్, డేట్స్ ఫర్ ఫైలింగ్. ఆ నెలలో ఏ పట్టిక చెల్లుతుందో ఇమ్మిగ్రేషన్ విభాగం యూఎస్‌సీఐఎస్ తన సైట్‌లో విడిగా ప్రకటిస్తుంది. బులెటిన్ చూసి సంబరపడి, ఆ రెండో ప్రకటన చూడకుండా పంపిన ఫైళ్లు తిరిగొస్తాయి. ఒకసారి మీ ఐ-485 స్వీకరించాక డేట్లు మళ్లీ వెనక్కి వెళ్లినా ఫైలు పెండింగ్‌లోనే ఉంటుంది. ఈఏడీ, అడ్వాన్స్ పరోల్ (విదేశం వెళ్లి తిరిగొచ్చేందుకు అనుమతి పత్రం) వస్తూనే ఉంటాయి. 2020 అక్టోబరులో ఈబీ-3 ఇండియా ఫైలింగ్ డేట్ 2015 జనవరి 1కి దూకినప్పుడు ఎంతోమంది ఐ-485 వేయగలిగారు. ఆ తర్వాత డేట్లు వెనక్కి జరిగినా వాళ్ల ఈఏడీలు ఆగలేదు.

2024 ఏప్రిల్ 1 నుంచి ఒక్కో ఫారానికి విడి ఫీజు: ఐ-485కి 1,440 డాలర్లు, పెండింగ్ ఐ-485 మీద వేసే ఐ-765కి 260, ఐ-131కి 630. పెద్దవాళ్లకు మనిషికి మొత్తం 2,330, దంపతులకు 4,660 డాలర్లు. ఐ-693 మెడికల్ రిపోర్టును కూడా ఐ-485తో కలిపే పంపాలి, తర్వాత ఇస్తామంటే ఫైలు తిప్పి పంపవచ్చు. కాగితం చెక్కులు 2025 అక్టోబరు 28 తర్వాత తీసుకోవడం లేదు. కార్డుతో కట్టేట్టయితే జి-1450, బ్యాంకు ఖాతా నుంచయితే జి-1650 జతచేయాలి. ఒక్కో ఫారానికి ఒక్కో చెల్లింపు పెట్టండి. అన్నీ కలిపి ఒకే మొత్తంగా కడితే ప్యాకెట్ అంతా వెనక్కి రావచ్చు.

630 డాలర్లు ఆదా చేద్దామని ఐ-131 మానేసేవాళ్లు ఉన్నారు. హెచ్-1బి ఉంది కదా అన్నది వాళ్ల ధైర్యం. ఇప్పుడున్న స్టాంపింగ్ (కాన్సులేట్‌లో పాస్‌పోర్టు మీద వీసా వేయించుకోవడం) పరిస్థితిలో అది మంచి లెక్క కాదు. కారణం 5వ మెట్టులో ఉంది.

3. ఈఏడీ కార్డు వచ్చింది. దాన్ని వాడాలా?

వాడకండి, అవసరం పడేదాకా. హెచ్-1బి నడుస్తున్న చక్రం, ఈఏడీ డిక్కీలో ఉండే స్టెప్నీ. స్టెప్నీ మీద కూడా బండి వెళుతుంది. కానీ అది పంక్చరైతే ఇక వేరే చక్రం ఉండదు. ఐ-485 ఏ కారణం చేతనైనా తిరస్కరణకు గురైతే దాని మీద వచ్చిన ఈఏడీ, అడ్వాన్స్ పరోల్ కూడా పోతాయి. హెచ్-1బి బతికి ఉంటే ఉద్యోగం చేసుకుంటూ మళ్లీ ప్రయత్నించవచ్చు. అది లేకపోతే ఆ రోజు నుంచి దేశంలో ఉండే ఆధారమే ఉండదు.

తెలియకుండా హెచ్-1బి పోగొట్టుకునే దారులు రెండు. హెచ్‌ఆర్ వాళ్లు ఐ-9 ఫారం (పనిచేసే అర్హత చూపేది) కోసం "మీ ఈఏడీ పంపండి" అంటే ఆలోచించకుండా పంపడం మొదటిది. హెచ్-1బి మీద పనిచేస్తున్నప్పుడు ఐ-797 అప్రూవల్ నోటీసు, పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే ప్రవేశ రికార్డు) చాలు, వాటినే ఇవ్వండి. రెండోది, కార్డు ఉంది కదా అని శని, ఆదివారాల్లో ఊబర్ నడపడమో, మరో చిన్న ఉద్యోగం పట్టడమో. ఈఏడీ మీద చేసే ఆ పని చట్టబద్ధమే. కానీ అది మొదలుపెట్టిన రోజే మీ హెచ్-1బి హోదా ముగుస్తుంది.

భార్య లేదా భర్త హెచ్-4లో ఉంటే ఇంత సంకోచం అక్కర్లేదు. వాళ్లు కొత్త ఈఏడీతో ఉద్యోగంలో చేరిపోవచ్చు.

రెన్యువల్ విషయంలో మాత్రం పాత అలవాట్లు మార్చుకోవాలి. 2025 డిసెంబరు 5 నుంచి, ఆ రోజుకు పెండింగ్‌లో ఉన్నవాటితో సహా, ఐ-485 మీద ఇచ్చే ఈఏడీల గడువు గరిష్ఠంగా 18 నెలలు. అంతకుముందు 5 ఏళ్లకు ఇచ్చేవారు. రెన్యువల్ రిసీట్ చూపించి 540 రోజులు పనిచేసుకునే వెసులుబాటు కూడా 2025 అక్టోబరు 30న గానీ ఆ తర్వాత గానీ వేసిన అప్లికేషన్లకు లేదు. కార్డు గడువు ముగిసేలోపు కొత్తది చేతికి రాకపోతే మర్నాటి నుంచి పని ఆపాల్సిందే. గడువుకు 180 రోజుల ముందు నుంచి అప్లై చేయవచ్చు. ఉదాహరణకు, కార్డు మీద 2026 నవంబరు 30 అని ఉంటే జూన్ 3న తలుపు తెరుచుకుంటుంది. ఆ వారమే వేయండి. అసలు చక్రం కాపాడుకోమని అంత గట్టిగా చెప్పడానికి ఇది కూడా కారణం.

4. ఉద్యోగం మారాలంటే

ఐ-485 పెండింగ్‌లో 180 రోజులు నిండి, ఐ-140 అప్రూవ్ అయి ఉంటే అదే రకం లేదా దగ్గరి రకం పనిలోకి మారవచ్చు. మళ్లీ పెర్మ్ అక్కర్లేదు. కొత్త యజమాని సంతకంతో ఐ-485 సప్లిమెంట్ జె (కొత్త ఉద్యోగాన్ని ధ్రువీకరించే ఫారం) ఇస్తే సరిపోతుంది, దానికి ఫీజు లేదు. పోల్చేది హోదా పేరును కాదు, చేసే పనిని. సాఫ్ట్‌వేర్ డెవలపర్‌గా పెర్మ్ అయినవారు సీనియర్ డెవలపర్‌గానో, అదే పని చేసే టీముకు లీడ్‌గానో మారితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. జీతం పెరగడం ఒక్కటే తప్పు కాదు. అదే మనిషి సేల్స్ మేనేజర్‌గా వెళితే ప్రశ్నలు వస్తాయి. ఆఫర్ లెటర్ తీసుకునేటప్పుడే పాత పెర్మ్‌లోని పని వివరణ పక్కన పెట్టుకుని, కొత్తదానిలో ఆ పనులు స్పష్టంగా కనిపించేలా రాయించుకోండి. ఆరు నెలల తర్వాత ఆర్‌ఎఫ్‌ఈ (అదనపు ఆధారాలు అడిగే నోటీసు) వచ్చినప్పుడు రాయించుకోవడం కన్నా ఇది చాలా తేలిక.

మారేటప్పుడు కూడా కొత్త కంపెనీని హెచ్-1బి ట్రాన్స్‌ఫర్ వేయమని అడగండి. "ఈఏడీ ఉంది కదా, ఖర్చెందుకు" అంటారు. ఒకసారి గట్టిగా అడగడంలో తప్పులేదు.

లేఆఫ్ అయితే హెచ్-1బికి గరిష్ఠంగా 60 రోజులు, లేదా ఐ-94 గడువు వరకు, ఏది ముందైతే అది. ఐ-485 పెండింగ్‌లో ఉన్నవారు ఆ 60 రోజులు దాటినా దేశంలో ఉండవచ్చు, ఈఏడీతో పనిలో చేరవచ్చు. స్టెప్నీ బయటికి తీయాల్సింది ఇలాంటప్పుడే.

5. ఇండియా ప్రయాణం: ఏ తలుపులోంచి తిరిగి రావాలో ముందే నిర్ణయించుకోండి

తిరిగొచ్చే తలుపులు రెండు. పాస్‌పోర్టులో చెల్లుబాటయ్యే హెచ్-1బి లేదా హెచ్-4 స్టాంపు ఒకటి, అడ్వాన్స్ పరోల్ రెండోది. ఈ రెంటిలో ఏదీ చేతిలో లేకుండా టికెట్ కొనకండి.

హెచ్-1బి, హెచ్-4, ఎల్-1 (కంపెనీ లోపలి బదిలీ వీసా), ఎల్-2 (వాళ్ల కుటుంబ వీసా) వాళ్లు అడ్వాన్స్ పరోల్ లేకుండా దేశం దాటినా, అదే హోదాలో తిరిగొస్తే ఐ-485కి ప్రమాదం లేదు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) వంటి హోదాల్లో ఉన్నవారు అడ్వాన్స్ పరోల్ చేతికి రాకముందే వెళితే ఐ-485 వదులుకున్నట్టే. మొదటిసారి వేసిన ఐ-131 ఇంకా పెండింగ్‌లో ఉండగా హెచ్-1బి మీద వెళ్లినవారికి ఐ-485 నిలుస్తుంది కానీ, ఆ ఐ-131ని వదులుకున్నట్టు లెక్కగట్టి తిరస్కరిస్తారు. 630 డాలర్లు, ఇన్ని నెలల ఎదురుచూపు రెండూ పోతాయి.

స్టాంపు గడువు ముగిసినవారు నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో స్టాంపింగ్ చేయించుకుని వస్తామనుకుంటే ఇప్పుడు చాలా జాగ్రత్త పడాలి. 2025 సెప్టెంబరు 2 నుంచి హెచ్-1బికి డ్రాప్‌బాక్స్ లేదు, ఇంటర్వ్యూకు వెళ్లాల్సిందే. డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్ల సోషల్ మీడియా ఖాతాలు చూడటం మొదలైంది. ఖాతాలు పబ్లిక్‌గా పెట్టమంటున్నారు. ఆ మార్పుతో ఇండియాలో డిసెంబరు అపాయింట్‌మెంట్లు చాలావరకు మరుసటి ఏడాది మార్చికి, ఆ పైకి జరిగాయి. రెండు వారాల సెలవు మీద పెళ్లికి వచ్చినవాళ్లు నెలల తరబడి ఇక్కడే చిక్కుకుపోయారు. ఇంటర్వ్యూ బాగా జరిగినా 221(జి) కాగితం (వీసాను పరిశీలన కోసం ఆపినట్టు చెప్పేది) చేతిలో పెడితే ఎన్నాళ్లు పడుతుందో చెప్పే గడువు లేదు. ఇలాంటప్పుడు అడ్వాన్స్ పరోల్ ఉన్నవాళ్లు కాన్సులేట్ గుమ్మం తొక్కకుండానే తిరిగి వెళ్లిపోవచ్చు. 630 డాలర్లు దండగ కాదన్నది అందుకే.

అడ్వాన్స్ పరోల్ మీద వచ్చేటప్పుడు:

– అసలు కాగితం వెంట ఉండాలి, ఫొటో చాలదు. అమెరికాలో దిగే రోజు దాని గడువులోపే ఉండాలి. ఇంట్లో ప్రతి మనిషికీ విడిగా కావాలి.

– శంషాబాద్ చెక్-ఇన్ కౌంటర్లో పాస్‌పోర్టు తిప్పి వీసా పేజీ వెతుకుతారు. గడువు తీరిన స్టాంపు కనబడగానే ఆపుతారు. పాస్‌పోర్టుతో పాటే అడ్వాన్స్ పరోల్ కాగితం, ఐ-485 రిసీట్ కౌంటర్ మీద పెట్టండి. సూపర్‌వైజర్‌ను పిలిచి చూసుకోవడానికి పట్టే సమయం కలుపుకుని నాలుగు గంటల ముందే చేరండి.

– యూరప్ మీదుగా టికెట్ తీసుకునే ముందు, వీసా స్టాంపు లేకుండా అడ్వాన్స్ పరోల్‌తో మాత్రమే వెళ్లేవారికి ట్రాన్సిట్ వీసా కావాలా అని ఎయిర్‌లైన్‌ను అడగండి. చాలాచోట్ల అమెరికా వీసా ఉన్నవారికి ఇచ్చే మినహాయింపు అడ్వాన్స్ పరోల్‌కు వర్తించదు. గల్ఫ్ మీదుగా, విమానాశ్రయం దాటకుండా మారేట్టయితే ఈ తలనొప్పి తక్కువ.

– అమెరికాలో దిగాక పక్క గదికి, అంటే సెకండరీకి పంపడం మామూలే. అక్కడ కాగితాలు చూసి, సాధారణంగా ఏడాదికి పరోల్ ఇస్తారు. కనెక్టింగ్ ఫ్లైటుకు కనీసం నాలుగు గంటల వ్యవధి ఉంచుకోండి.

పరోల్ మీద వచ్చినా హెచ్-1బి పిటిషన్ గడువు మిగిలి ఉంటే అదే కంపెనీలో ఈఏడీ లేకుండానే పని కొనసాగించవచ్చు. తర్వాత ఆ కంపెనీ పొడిగింపు వేసి అది అప్రూవ్ అయితే తిరిగి హెచ్-1బి హోదాలోకి వస్తారు.

మరొక ప్రమాదం: ఎఫ్-1 నుంచి హెచ్-1బికి హోదా మార్పు పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే ఆ మార్పు రద్దవుతుంది. 2025 సెప్టెంబరు 21న గానీ ఆ తర్వాత గానీ వేసిన అలాంటి పిటిషన్లకైతే లక్ష డాలర్ల చెల్లింపు నిబంధన కూడా మీద పడవచ్చు. అప్రూవల్ నోటీసు చూసుకున్నాకే బయల్దేరండి.

ఇంట్లో ఎవరికైనా ప్రాణాపాయం అని కబురొస్తే, ఐ-131 ఇంకా అప్రూవ్ కాకపోయినా దారి ఉంది. యూఎస్‌సీఐఎస్ కాంటాక్ట్ సెంటర్‌కు ఫోన్ చేసి స్థానిక ఫీల్డ్ ఆఫీసులో ఎమర్జెన్సీ అడ్వాన్స్ పరోల్ అపాయింట్‌మెంట్ అడగండి. ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద రోగి పేరు, జబ్బు, డాక్టరు సంతకం, తేదీ ఉన్న ఇంగ్లిష్ ఉత్తరం తెప్పించండి. రోగితో మీ బంధుత్వం చూపే కాగితం, రెండు పాస్‌పోర్టు ఫొటోలు, ఐ-131 రిసీట్, టికెట్ వివరాలు కలపండి. వాట్సాప్‌లో వచ్చిన మందుల చీటీ ఫొటో తీసుకెళితే పని కాదు. ఇండియాలో ఉన్న అన్నయ్యకో, వదినకో ఆ ఉత్తరంలో ఏమేం ఉండాలో ముందే మెసేజ్ పెట్టండి.

6. దిగిన రోజే ఐ-94 చూడండి

చిన్న పనే గానీ ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. ఐ-797లో హెచ్-1బి గడువు 2028 ఆగస్టు అని ఉంది, పాస్‌పోర్టు గడువు 2027 మార్చి అనుకోండి. విమానాశ్రయంలో అధికారి ఐ-94ను పాస్‌పోర్టు తేదీ వరకే ఇవ్వవచ్చు. మీరు ఐ-797 చూసుకుని 2028 దాకా నిశ్చింతగా ఉంటారు. నిజానికి మీ హోదా 2027 మార్చిలోనే ముగిసిపోతుంది.

లగేజీ వచ్చేలోపు ఫోన్‌లో సీబీపీ (సరిహద్దు తనిఖీ విభాగం) ఐ-94 సైట్ తెరిచి, పాస్‌పోర్టు నంబరుతో తాజా రికార్డు తీసి మూడు చూడండి: పేరు, హోదా, "అడ్మిట్ అంటిల్" తేదీ. హోదా తప్పు పడితే సీబీపీ డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసుకు వెళ్లి సరిచేయించుకోవచ్చు. పాస్‌పోర్టు వల్ల తేదీ తగ్గితే అది తప్పు కిందికి రాదు. పాస్‌పోర్టు రెన్యువల్ చేయించి, ఆ తేదీలోపు పొడిగింపు వేయమని కంపెనీకి చెప్పాలి, లేదా మళ్లీ ప్రయాణం చేసి కొత్త ఐ-94 తెచ్చుకోవాలి. భార్యాపిల్లల ఐ-94లు కూడా ఒక్కొక్కటిగా తీసి చూడండి. పిల్లల పాస్‌పోర్టులు ఐదేళ్లవి కావడంతో వాళ్ల తేదీలే ముందు తెగుతాయి. కంపెనీ పొడిగించేది మీ ఒక్కరిదే, వాళ్లకు ఐ-539 (కుటుంబ సభ్యుల హోదా పొడిగింపు ఫారం) విడిగా వేయాలి.